అయిదు కిలోల అనుమానం

ధర్సీవా చుట్టుపక్కల చిన్నారావు అనుమానించనిది ఒక్కటే ఉండేది: తను రాసిన ప్రోగ్రాం. మిగతావన్నీ అతని దృష్టిలో ముద్దాయిలే. పాలవాడి కొలపాత్ర, డాక్టరు రాసిచ్చిన రెండో మాత్ర, భార్య రమణమ్మ వడ్డించిన పెరుగు నిన్నటిదా మొన్నటిదా అన్న సంగతి, అన్నీ విచారణకు నిలబడాల్సిందే. పెళ్లిచూపుల్లో పిల్ల లోపలి గదిలోంచి పాట పాడితే, "పాడింది అమ్మాయేనా, టేపురికార్డరా?" అని అడిగాడట. రమణమ్మ తరఫువాళ్లు పాతికేళ్లయినా ఆ మాట మరిచిపోలేదు.

తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన సంవత్సరమే చిన్నారావు ఒక కంప్యూటర్ సెంటర్లో చేరి ఫాక్స్‌ప్రో అనే భాష నేర్చాడు. మరుసటి ఏడు ధర్సీవా దగ్గర ఇనుప కడ్డీల మిల్లులో లారీల కాటాకి ప్రోగ్రాం రాసిపెట్టి, ఆ కాటా గదిలోనే ఉద్యోగంలో కుదురుకున్నాడు. పని సులువైనదే. ఖాళీ లారీ కాటా ఎక్కుతుంది, బరువు తెర మీద పడుతుంది. కడ్డీలు నింపుకుని మళ్లీ ఎక్కుతుంది. రెండో బరువులోంచి మొదటిది తీసేస్తే మిగిలేది సరుకు. ఆ అంకె చీటీ మీద అచ్చవుతుంది. అప్పట్నించీ మిల్లులో అందరికీ అతను కాంటాబాబు.

ఆ కంప్యూటరు సామాన్యమైనది కాదు. దాని మానిటరు వెనక పిల్లి రెండుసార్లు పురుడు పోసుకుంది. కంప్యూటరు మూడుసార్లు టీ తాగింది, ఒకసారి పిడుగు తిన్నది. లోపల ఒక బల్లి స్థిరనివాసం ఏర్పరచుకుని, వోల్టేజీ పడిపోబోయే ముందు టిక్కుటిక్కుమని హెచ్చరించేదని చిన్నారావు ప్రమాణం చేసి చెప్పేవాడు. గాలిలో తేలే నల్లటి ఇనుపపొడి పడకుండా దాని మీద రమణమ్మ పాత నేతచీర కప్పి ఉంచేవాడు.

ప్రోగ్రాం ఎవరూ దొంగిలించకుండా అతనొక తాళం కూడా వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాళ్లు. అందుకని లోపలి పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పెట్టాడు. నిండు లారీ బరువు పేరు మావయ్య. ఖాళీ లారీది బావమరిది. ఆ పాత ఫాక్స్‌ప్రోలో పేరు పది అక్షరాలు దాటకూడదు, బావమరిది సరిగ్గా పదికి సరిపోయాడు. మావయ్యలోంచి బావమరిదిని తీసేస్తే సరుకు. ఇరవై రెండేళ్లపాటు ఎంతమంది కంప్యూటర్ మనుషులు వచ్చి తొంగిచూసినా తల గోక్కుని వెళ్లిపోయారు.

ఇరవై మూడో సంవత్సరం వేసవి వెళ్లాక, మిల్లు యజమాని సేఠ్‌గారి కొడుకు ఇద్దరు కొత్తవాళ్లను తెచ్చి కాటా గదిలో కూర్చోబెట్టాడు. హేమంత్ సాహూ ఊళ్లోవాడే, జావా భాష మనిషి. రెండో మనిషి నవ్య, పైథాన్ అంటే ప్రాణం. కొత్త ప్రోగ్రాం ఏ భాషలో రాయాలన్న దాని మీద ఆ ఇద్దరికీ పొద్దున్న పోహా తినేటప్పుడు మొదలైన తగువు సాయంత్రం చాయ్ దాకా నడిచేది.

"మీ పైథాన్‌లో ఒక ఖాళీ జాగా పక్కకి జరిగితే ప్రోగ్రామంతా బోర్లాపడుతుంది. శూన్యానికి భయపడే భాష అదేం భాష?" అనేవాడు హేమంత్.

"మీ జావాలో నమస్తే చెప్పాలంటే నాలుగు ఫారాలు నింపాలి. తహసీల్ ఆఫీసే నయం," అనేది నవ్య.

"ఫారాలు నింపితే తప్పు ఇంట్లో ఉండగానే దొరుకుతుంది. నీదాంట్లో లారీ కాటా మీదికెక్కాక దొరుకుతుంది."

"నువ్వు ఫారాలు నింపేలోపు నా లారీ నాగపూర్ చేరిపోతుంది."

చిన్నారావు వాళ్లకి వీపు పెట్టి కూర్చుని చెవులు మాత్రం అటు ఉంచేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు: "ఫాక్స్‌ప్రో ఏమీ అడగదు. పెట్టు అంటే పెడుతుంది, తియ్యి అంటే తీస్తుంది."

"అది చచ్చిపోయింది కాంటాబాబూ. తయారుచేసిన కంపెనీయే దాన్ని వదిలేసింది," అన్నాడు హేమంత్.

"చచ్చినదానికి కొత్త జబ్బులు రావు," అన్నాడు చిన్నారావు.

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అతనికి నచ్చలేదు. ఇంతగా తగువులాడుకునే ఇద్దరు మనుషులు ఒకేసారి నవ్వారంటే, ఆ తగువు తనను ఏమార్చడానికి ఆడుతున్న నాటకం అయ్యుండాలి.

మర్నాడు నవ్య అతని భుజం మీంచి తెర వైపు చూసి, పెదవులు కదిలిస్తూ చదివి, పకపకా నవ్వింది. "మావయ్యలోంచి బావమరిదిని తీసేశారేంటి అంకుల్, పాపం?"

చిన్నారావు చెయ్యి దానంతటదే వెళ్లి మానిటరు ఆపేసింది.

"నీకు తెలుగొచ్చేటి?"

"ఇంట్లో అదే బాబాయ్. మా తాతగారిది పలాస. బిలాస్‌పూర్‌లో గార్డుగా చేసి ఇక్కడే రిటైరయ్యారు."

అంకుల్ కాస్తా ఒక్క నిమిషంలో బాబాయ్ అయ్యాడు. ఆ వేగం కూడా చిన్నారావు లెక్కలోకి తీసుకున్నాడు. రాయపూర్‌లో పైథాన్ వచ్చినవాళ్లు వందలమంది ఉండగా, సేఠ్ కొడుక్కి సరిగ్గా తన జిల్లా పిల్లే ఎలా దొరికింది? తన తాళానికి మారుతాళం వెతికి మరీ తెచ్చారన్నమాట.

ఇంటికెళ్లి రమణమ్మకి చెప్పాడు. ఆవిడ చిక్కుడుకాయలు గిల్లుతూ విన్నది.

"ఆ పిల్ల మా ఉమారాణిగారి మనవరాలండీ. సన్నపిల్లప్పుడు మనింట్లో పులిహోర తినెల్లింది. అయినా మీ ప్రోగ్రామెవుడిక్కావాలి? దొంగోడికిచ్చినా ఒద్దని తిరిగిచ్చెల్లిపోతాడు."

చివరికి సేఠ్ కొడుకు పైథానే ఖాయం చేశాడు. అది జావా కంటే మంచిదని కాదు, నవ్య ముందు రాసి చూపించింది కాబట్టి. ఆపైన ఒక షరతు పెట్టాడు. "వారం రోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవాలి. రెండూ ఒకే అంకె చెప్తే పాతది ఆపేసి, కాంటాబాబుని కొత్తదాని మీద కూర్చోబెడతాం. తేడా వస్తే తప్పు ఎవరిదో వాళ్లు ఇంటికి వెళ్తారు."

సోమవారం మూడో లారీకే తేడా వచ్చింది. చిన్నారావు చీటీ పద్దెనిమిది వేల మూడువందల యాభై కిలోలంది. నవ్య చీటీ మూడువందల నలభై అంది. ఆ తర్వాత నాలుగు లారీలు కలిశాయి. అయిదోది మళ్లీ పది కిలోలు తేడా. ఎప్పుడు తేడా వచ్చినా కొత్తదే తక్కువ చెప్పింది.

చిన్నారావు కేలండర్ వెనక పట్టీ రాయడం మొదలుపెట్టాడు. ఏ డ్రైవరు, ఏ గంట, నవ్య ఆ సమయంలో ఎక్కడ కూర్చుంది, ఫోను చేతిలో ఉందా లేదా, అన్నీ ఎక్కించాడు. హేమంత్ దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ అమ్మాయి కోడ్‌లో గోల్‌మాల్ ఉంది కాంటాబాబూ. మీదే రైటు. నేను సేఠ్‌కి చెప్తాను."

ఆ మాటతో పట్టీలో హేమంత్ పేరు కూడా ఎక్కింది. అడక్కుండా తన పక్షం వచ్చేవాడికి వేరే పని ఏదో ఉండి ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం నవ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బాబాయ్, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. కాటా నుంచి నా మెషీన్‌కి వచ్చే తీగ మీరేమైనా కదిపారా?"

"కదిపితే నా సెయ్యి పడిపోద్ది," అన్నాడు చిన్నారావు. తర్వాత చల్లగా చేర్చాడు: "నువ్వేటైనా కలిపావేటమ్మా నీదాంట్లో?"

"ఒట్టు బాబాయ్. మీరే కూర్చుని చూడండి. లైను లైనూ చదువుదాం."

దొంగ తన ఇల్లు తానే సోదా చెయ్యమంటుంటే కాదనడం ఎలా? ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తేడా వచ్చిన చీటీలన్నీ ఒక కుప్ప, కలిసినవి ఒక కుప్ప పెట్టారు. ఆ కాటా బరువుని అయిదేసి కిలోల మెట్లలోనే చూపిస్తుంది, చీటీ మీద మాత్రం పదుల్లో సవరించిన అంకె పడుతుంది. తేడా కుప్పలో ప్రతి అసలు బరువూ అయిదుతో ముగిసిందే. కానీ అయిదుతో ముగిసినవి కొన్ని రెండో కుప్పలోనూ ఉన్నాయి. అదే వింత.

చిన్నారావు రెండు మెషీన్లలోనూ చేత్తో అంకెలు కొట్టాడు. పదిహేనుకి రెండూ ఇరవై అన్నాయి. ఇరవై అయిదుకి ఫాక్స్‌ప్రో ముప్ఫై అంది, పైథాన్ ఇరవై అంది. ముప్ఫై అయిదుకి రెండూ నలభై. నలభై అయిదు దగ్గర మళ్లీ విడిపోయాయి.

"సూసావేటి. ఒకపాలి పైకెల్తాది, ఒకపాలి కిందికెల్తాది. మందు తాగినోడి నడక," అన్నాడు చిన్నారావు. ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసిన ముద్దాయి దొరికినంత సంబరపడ్డాడు.

నవ్య ఫోన్లో ఏదో వెతికి చదివింది. ఆమె ముఖం తేటపడింది. "అది తప్పు కాదు బాబాయ్, దాని పద్ధతే అంత. సరిగ్గా మధ్యలో పడితే సరిసంఖ్య ఉన్న పది వైపు, ఇరవైకో నలభైకో, వెళ్తుంది. మత్లబ్, సగంసార్లు పైకి, సగంసార్లు కిందికి. మొత్తమ్మీద ఎవరికీ నష్టం ఉండదు. మీ ఫాక్స్‌ప్రో అయితే అయిదుని ఎప్పుడూ పైకే లేపుతుంది."

"బళ్లో నేర్పింది అదే కదా."

"అవును బాబాయ్. కానీ ఎప్పుడూ పైకే."

ఆమె ఆ మాట తప్పు పట్టడానికి అనలేదు. కానీ అది చిన్నారావు తల్లోకి వెళ్లి బయటికి రాలేదు. పైకి లేపితే చీటీలో ఉన్న అయిదు కిలోలు లారీలో ఉండవు. డబ్బు కట్టేది సరుకు కొన్నవాడు, కాటా మిల్లుది. రోజుకి ఎన్ని లారీలు, ఇరవై రెండేళ్లకి ఎన్ని రోజులు. పాలవాడి కొలపాత్రలో వేలు పెట్టి చూసిన మనిషి తన కాటాలో ఎప్పుడూ చూడలేదు. ఆ సవరించే లైను తనే రాశాడు. చీటీ చివర సున్నా ఉంటే చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని అప్పటి మేనేజరు రామమూర్తిగారు అంటే, మారుమాట లేకుండా రాసిచ్చాడు. రామమూర్తిగారు అమాయకంగానే అన్నారా? ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఇక అడగడానికి వీల్లేదు.

"నేను నా లైను మార్చేస్తాను బాబాయ్. మీ పద్ధతే పెడతాను. అంకెలు కలిసిపోతాయి, ఇద్దరం ఉంటాం," అంది నవ్య మెల్లగా.

అతను ఆ పిల్ల ముఖంలో మోసం వెతికాడు. భయం తప్ప ఏమీ దొరకలేదు. "ఇప్పుడేటీ మార్చకు," అన్నాడు.

శనివారం సేఠ్ కొడుకు రెండు కుప్పలూ చూశాడు, నవ్య చెప్పింది విన్నాడు, నవ్వాడు. "అంటే పాతదానికే వ్యాపారం తెలుసన్నమాట. ఠీక్ హై. కాంటాబాబు ప్రోగ్రామే ఉండనీ. పైథాన్ వద్దు."

హేమంత్ తల ఊపాడు. నవ్య నేల చూసింది. చిన్నారావు కోరుకున్నదంతా ఆ నిమిషంలో బల్ల మీద పెట్టి ఉంది, చెయ్యి చాపితే చాలు. కానీ సేఠ్ కొడుకు అంత తొందరగా నవ్వడం అతనికి నచ్చలేదు. కాటాలో తప్పుందని విన్న మనిషి నవ్వడు.

"తప్పు నాదాంట్లో ఉంది సాబ్," అన్నాడు. "ఆ లైను నేను రాశాను, నేనే తీసేస్తాను. కాటా అయిదు చూపిస్తే చీటీ మీద అయిదే పడాలి. సవరించడం ఉండకూడదు."

సేఠ్ కొడుకు నవ్వు ఆపాడు. "ఆ లైను తీసేస్తే, ఆ అమ్మాయిదాంట్లో లేనిది నీదాంట్లో ఏముంది?"

చిన్నారావు ఆలోచించాడు. మావయ్యా బావమరిదీ తప్ప ఏమీ గుర్తుకు రాలేదు. "ఏమీ లేదు సాబ్."

"అయితే నువ్వే రాసివ్వు. పాతదాంట్లో తప్పుంది, ఆపేయాలి అని. రేపెవరైనా అడిగితే నాకు కాగితం ఉండాలి."

రాసిచ్చాడు. సంతకం కింద తేదీ వేశాడు. ఆ కాగితం తన మీదికే వస్తుందేమోనన్న అనుమానం అతనికి లేకపోలేదు. అందుకే దాన్ని ఫోటో తీసుకున్నాడు.

సేఠ్ కొడుకు అతన్ని ఇంటికి పొమ్మని మాత్రం అనలేదు. సోమవారం పొద్దున్న, సవరించే లైను తీసేసిన నవ్య మెషీను ముందు చిన్నారావు కూర్చున్నాడు, వెనక నిలబడి ఆమె ఎక్కడ నొక్కాలో చెప్పింది. మొదటి లారీ నిండుగా కాటా ఎక్కింది. చీటీ వచ్చింది: ఇరవై ఒక్క వేల రెండువందల అరవై అయిదు కిలోలు.

డ్రైవరు కిటికీలోంచి చీటీ అందుకుని అక్కడే నిలబడిపోయాడు. పన్నెండేళ్లుగా ఆ దారిన తిరిగే మనిషి. చీటీని ఎండకి పెట్టి చూశాడు, వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకి తిప్పాడు.

"కాంటాబాబూ, ఇదేంటి చివర అయిదు? ఎప్పుడూ సున్నా ఉండేది కదా. కొత్త మెషీన్ పెట్టి ఏదో చేస్తున్నారు మీరు."

"ఏమీ చెయ్యడం లేదు భయ్యా. ఉన్నదే పడింది."

"అందరూ అదే అంటారు. మళ్లీ తూచండి."

నవ్య ఏదో చెప్పబోయింది. చిన్నారావు ఆమెని చేత్తో ఆపాడు. ఇలాంటి చూపుని ఇంతకాలం అతను లోపల్నుంచి మాత్రమే ఎరుగును, ఎదుట నిలబడి ఎరగడు. కుర్చీలోంచి లేచి బయటికి వచ్చాడు. కాటా పక్కన గోడకి వేలాడే, బరువు చూపించే పెద్ద అంకెల పెట్టె దగ్గరికి డ్రైవరుని తీసుకెళ్లి, దాని అద్దం మీది ఇనుపపొడిని చొక్కా అంచుతో తుడిచాడు.

"లారీ దించి మళ్లీ ఎక్కించు," అన్నాడు. "నువ్విక్కడే నిలబడి చూడు. నేనూ చూస్తాను."