రెండు సీసాల మందు

అమెరికాలోని కమ్మింగ్‌లో ఆ వీధిలో సగానికి పైగా ఇళ్ళు తెలుగువాళ్ళవే. ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా మొదటి ఫోను డాక్టరుకు వెళ్ళేది కాదు, సుబ్బులుకు వెళ్ళేది. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు జబ్బు విసుగెత్తి వెళ్ళిపోతుందని అక్కడివాళ్ళు నవ్వుకునేవారు. సుబ్బులు వంటింటి అలమరలో పై అర నిండా ఇండియా మందులే. ఆ వీధిలో ఎవరు ఇండియా వెళ్ళొచ్చినా సూట్‌కేసులో పచ్చళ్ళ సరసన ఆవిడ చెప్పిన సిరప్పులు సర్దుకొచ్చేవారు. ఒక్క దగ్గుకే మూడు రకాలుండేవి. "ఇక్కడి మందులు ఉత్త నీళ్ళండీ" అనేవారు అందరూ. ఆవిడా ఆ మాటే నమ్మింది.

తెనాలిలో భర్త పోయాక కూతురు త్రివేణి దగ్గరికి వచ్చి పదకొండేళ్ళయింది. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి. ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా ఇంట్లో చూసుకునేది. మొదట ఒకరు, తర్వాత ముగ్గురు, ఆఖరికి ఐదుగురు. అంతమందిని చూడాలంటే లైసెన్స్ తీసుకోవాలని త్రివేణి రెండుమూడుసార్లు అంది. "పప్పన్నం కలిపి పెట్టడానికి లైసెన్సేమిటే" అని సుబ్బులు కొట్టిపారేసింది. పిల్లలంతా ఆవిడను అమ్మమ్మ అనేవారు. అన్నీ సర్దుకుపోయే ఆవిడ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండేది. దగ్గుతున్న పిల్లల్ని తీసుకురాకూడదు. ఒకరికొస్తే ఐదుగురికీ వస్తుంది. అలా తీసుకొచ్చిన వాళ్ళను గుమ్మంలోంచే వెనక్కి పంపిన సందర్భాలున్నాయి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పూజిత తన కొడుకు విహాన్‌ను దింపి వెళ్ళింది. వాడికి రెండున్నరేళ్ళు. వస్తూనే కార్పెట్ మీద పడుకున్నాడు.

"ఏం నాన్నా, రాత్రి సరిగా పడుకోలేదా?" అంది సుబ్బులు.

"కార్‌లో కూడా తూగుతూనే ఉన్నాడాంటీ. నాకు ఎనిమిదిన్నరకి మీటింగుంది, వస్తా," అంటూ పూజిత పరుగున వెళ్ళిపోయింది.

పది దాటాక విహాన్ లేచి దగ్గడం మొదలుపెట్టాడు. తడి దగ్గు, ఆగడం లేదు. పూజితకు ఫోను చేయాలని సుబ్బులు అనుకుంది. కానీ పోయిన నెల ఆ పిల్ల టీమ్‌లో ఇద్దరిని ఉద్యోగంలోంచి తీసేశారని, అప్పటినుంచి ఆమె బాత్‌రూమ్‌కి వెళ్ళినా ఫోను వదలడం లేదని తెలుసు. పిలిస్తే మీటింగ్ మధ్యలో లేచి రావాలి. ఎందుకులే అనుకుని పై అరలోంచి సీసా తీసింది. దాని కొలత మూత ఎప్పుడో పోయింది. స్టీలు చెంచాతో నిండుగా పోసింది. తన పిల్లలిద్దరికీ అలాగే పోసి పెంచింది. పదకొండింటికల్లా దగ్గు ఆగింది. వాడు నిద్రపోయాడు. ఆవిడ మనసు తేలికపడి మిగతా నలుగురికీ అన్నం కలపడానికి వెళ్ళింది.

పన్నెండున్నరకు లేపితే లేవలేదు. చంకలు పట్టుకుని కూర్చోబెడితే తల ఒక పక్కకు వాలిపోయింది. చల్లటి నీళ్ళతో బుగ్గలు తడిపితే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఉంది, కానీ ఒక్కొక్కటీ ఆలస్యంగా వస్తోంది.

పై గదిలో ఇంటి నుంచే పనిచేసే త్రివేణి తల్లి కేకకు దిగి వచ్చింది. పిల్లవాణ్ణి చూసి వెంటనే అంబులెన్స్ కోసం 911కి చేసింది. అవతలి మనిషి ఏవేవో అడుగుతుంటే జవాబిస్తూ, ఉన్నట్టుండి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమైనా మందు పోశామా అని అడుగుతున్నారమ్మా. ఇండియా మందంటే పెద్ద గొడవైపోతుంది. ఐదుగురు పిల్లలు, లైసెన్స్ లేదు. లేదని చెప్పేయనా?"

సుబ్బులు తలెత్తలేదు. ఒడిలోని పిల్లవాడి ఛాతీ పైకి లేచేవరకూ ఆగింది. లేచింది.

"ఇలా ఇయ్యి."

ఆవిడ ఫోనులో అంత ఇంగ్లీషు ఎప్పుడూ మాట్లాడలేదు. "ఐ గేవ్. కాఫ్ సిరప్. ఇండియా సిరప్. బిగ్ స్పూన్, ఫుల్. టెన్ థర్టీ," అంది. మందు పేరు అడిగితే సీసా త్రివేణి చేతికిచ్చి చదివించింది. ఈ రోజు ఇంకేదైనా మందు పడిందా అని అడిగారు. తెలియదంది. పూజితకు రెండో ఫోనులో కలిపించింది.

"పూజితా, బాబుకి పొద్దున మందేమైనా పోశావా?"

"లేదాంటీ. ఏం, బానే ఉన్నాడుగా?"

"లేవట్లేదమ్మా. దగ్గుతుంటే నేను సిరప్ పోశాను. నిన్ను అడక్కుండా పోశాను. నీకు చెప్పకపోవడం నా తప్పు. అంబులెన్స్ వస్తోంది. నువ్వేమైనా పోసుంటే ఇప్పుడే చెప్పాలి తల్లీ."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"ఏడింటికి పోశానాంటీ. ఇక్కడి సిరప్, నైట్‌టైమ్‌ది. దగ్గుతో తెస్తే మీరు ఇంటికి పంపించేస్తారని..." మాట పూర్తికాకముందే ఏడుపు వచ్చేసింది.

సుబ్బులు అదీ త్రివేణి చేత 911 వాళ్ళకు చెప్పించింది.

ఆసుపత్రిలో డాక్టరు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. పైన పేర్లు వేరు. లోపల ఒకే పని చేసే మందులు, నిద్ర ముంచుకొచ్చేలా చేసేవి. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాలుగేళ్ళ లోపు పిల్లలకు వద్దని ఇక్కడి సీసా మీద సన్నటి అక్షరాలతో రాసే ఉందని కూడా చెప్పింది. రెండూ పడ్డాయని ముందే తెలియడం వల్ల దారిలోనే ఊపిరి కనిపెట్టుకుని ఉన్నారట. తెలియకపోతే జలుబుతో నీరసమనుకుని పడుకోబెట్టి ఉండేవాళ్ళమంది.

సాయంత్రం ఆరింటికి విహాన్ కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. పూజిత భర్త పవన్ సుబ్బులువైపు చూడలేదు. పూజిత మాత్రం వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు నేరం మోపుకోలేదు. మోపే ముఖం ఇద్దరిలో ఎవరికీ లేదు.

తర్వాతి వారం లైసెన్సుల ఆఫీసు నుంచి తనిఖీకి ఒకామె వచ్చింది, ఆపైన లైసెన్స్ లేకుండా నడపకూడదని ఉత్తరం వచ్చింది. సుబ్బులు పిల్లల్ని చూడటం మానేసింది. విహాన్‌ను వాళ్ళు చుట్టపుచూపుగా కూడా మళ్ళీ ఆ ఇంటికి పంపలేదు. ఆవిడ అది అన్యాయమనుకోలేదు గాని, ఎనిమిదింటికి కార్ తలుపు చప్పుడైతే ఇప్పటికీ కిటికీ దగ్గరికి వెళ్తుంది. మందులన్నీ తీసుకెళ్ళి ఫార్మసీలో పాత మందులు వేసే పెట్టెలో వేసి వచ్చింది.

ఆ సంగతి ఊరంతా తెలిసినా ఫోన్లు ఆగలేదు. మొన్న హంసిక అనే పిల్ల తల్లి, రాధారాణి, చేసింది.

"ఆంటీ, ఆ దగ్గు సిరప్ ఒక్క చెంచా ఉంటే ఇస్తారా? పాపకి రెండేళ్ళు. రాత్రంతా దగ్గే."

"లేదమ్మా. ఉన్నా ఇవ్వను. డాక్టరుకు చెయ్యి."

"అయ్యో, మా అమ్మ మాకు అదే పోసి పెంచిందాంటీ. మాకేమైంది?"

"నేనూ అలాగే పెంచాను. నా పిల్లలు బాగానే ఉన్నారు. పూజిత కొడుక్కి పోసింది కూడా నేనే, ఎవరో చెప్పింది విని ఉంటావు. నా నోటితో విను." ఆ వెంటనే సుబ్బులు అడిగింది. "పొద్దున్నుంచి పాపకి ఏం పోశావు?"

"ఏం లేదాంటీ."

"నేను ఎవరికీ చెప్పను. పాప ఇప్పుడు లేచి ఆడుతోందా?"

"ఆడుతోంది. కొంచెం... ఇక్కడి సిరప్ కొంచెం పోశాను. పావుగంటయింది."

"సరే. ఇంక ఏదీ పొయ్యకు. సీసా తెచ్చుకుని, దాని మీద ఉన్నది నాకు చదువు. సన్న అక్షరాలు కూడా. అది అయ్యాక ఇద్దరం కలిసి డాక్టరుకు చేద్దాం."

అవతల అలమర తలుపు తెరుచుకున్న చప్పుడైంది. రాధారాణి మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.