ఇందులో కారమే లేదు

తిజిమీన్ ఊళ్ళో, అందరూ గౌరవంగా దోన్ అని పిలిచే ఒలెగారియో పెచ్ అంత నిజాయితీపరుడు మరొకడు లేడు. పక్కింటి కోడి తన పెరట్లో గుడ్డు పెడితే ఆ గుడ్డుతోపాటు కోడిని కూడా చంకనపెట్టుకుని పోయి అప్పగించి వచ్చే మనిషి. ఆయన ఆడే అబద్ధం ఒక్కటే. ఫిదేలియా భోజన హోటల్లో కూర్చుని, బల్ల మీది పచ్చడి గిన్నెను చూపుడు వేలితో ఎదుటివాడి వైపు మెల్లిగా తోసి, "వేసుకోండి, ఇందులో కారమే లేదు" అంటాడు.

ఆ పచ్చడి పేరు ష్నీపెక్. అక్కడి మాయా తెగవాళ్ళ భాషలో కుక్క ముక్కు అని అర్థం. తిన్నవాడి ముక్కు క్షణంలో కుక్క ముక్కులా తడిసి మెరుస్తుంది కనుక ఆ పేరు. హబనేరో మిరపకాయలు, ఉల్లిపాయ, టమాటా తరిగి పుల్ల నారింజ రసంలో ఊరేస్తారు. లోకంలో ప్రతి దేశంలోనూ కారం తినగలమని బడాయి పోయేవాళ్ళు ఉంటారు. మనవాళ్ళలో ఆ జబ్బు మరీ ఎక్కువ. అలాంటివాళ్ళను తీసుకొచ్చి ఒలెగారియో ఎదుట కూర్చోబెట్టాలి. మొదటి చెంచాకు పూర్వజన్మ గుర్తొస్తుంది. రెండో చెంచాకు వచ్చే జన్మ కూడా కళ్ళకు కడుతుంది.

ఒకసారి పోలీసు సార్జెంటు బార్తొలో చాన్ దొరికాడు.

"నిజంగా కారం లేదా, దోన్?"

"చంటిపిల్లలకు పాలల్లో కలిపి పట్టొచ్చు."

కాసేపటికి సార్జెంటు టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిసిపడేలా వలవల ఏడ్చాడు. ఆ పూట ఊళ్ళో దొంగలు కూడా జాలిపడి సెలవు తీసుకున్నారని చెప్పుకున్నారు.

హెర్మిలో మాస్టారి సంగతి మరీ వింత. గోడ గడియారానికి కీ ఇచ్చినంత క్రమంగా మోసపోయేవాడు. ఫిదేలియా ఉండబట్టలేక అడిగింది కూడా.

"మొన్ననే కదా మాస్టారూ, తిని తువ్వాలు తడిపారు?"

"మొన్నటిది కారమమ్మా. ఇవాళ లేదంటున్నాడు కదా."

చదువు మనిషిని ఎంత అమాయకుణ్ణి చేస్తుందో చూడమని ఫిదేలియా వంటింట్లో సామాన్లతో చెప్పుకుంది.

ఇదంతా ఒలెగారియోకు పాత ఉద్యోగం అంటించిన తెగులని ఆమె అనుమానం. ఆయన ఊరి సినిమా హాల్లో టికెట్లు చించి, టార్చిలైటుతో సీట్లు చూపించేవాడు. ఏ దేశంలోనైనా సినిమా హాళ్ళ తీరు ఒకటే. ఆడవాళ్ళు లైట్లు వెలిగినా ఏడుస్తూనే ఉంటారు. మగవాళ్ళు లైట్లు ఆరేదాకా ఓపిక పట్టి, దాచుకున్నదంతా చీకట్లో కార్చేసి, బయటికొస్తూ హాలు నిండా దుమ్మేనని మేనేజరును తిడతారు. ఇన్నేళ్ళు పరుల కన్నీళ్ళు చూసినవాడికి ఆ వినోదం లేకపోతే పొద్దుపోదు కాబోలు. హాలు మూతపడి చెప్పుల కొట్టయ్యాక ఒలెగారియో రోజూ మధ్యాహ్నం ఫిదేలియా హోటలుకు వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ కుర్చీ లేకపోతే ఊళ్ళో ఆయనకు మిగిలేది ఇంట్లో వేలాడే పడక ఊయల ఒక్కటే.

ఆ కుర్చీకే ముప్పొచ్చింది. మెరీదా పట్నం నుంచి కుట్టుమిషన్లు అమ్మడానికి వచ్చే ఏజెంటు ఒకతను ఒలెగారియో మాట నమ్మి, పెద్ద చెంచాతో పచ్చడి నోట్లో పెట్టుకుని, పెరట్లోకి పరుగెత్తి కుళాయి కింద తల పెట్టాడు. వారం తిరగకుండా ఊళ్ళోకి వచ్చే ఏజెంట్లంతా ఎదురు హోటలుకు మారిపోయారు.

"ఆ మనిషి మీకేం అన్యాయం చేశాడు, బాబాయ్?" అంది ఫిదేలియా.

"ముఖం చూసి ఏదో పెద్ద దిగులుందనుకున్నానమ్మాయ్. పుట్టుకతోనే అలాంటి ముఖమని నాకేం తెలుసు?"

"దిగులుగా ఉంటే కారం పెడతారా ఎవరైనా?"

ఒలెగారియో రొట్టె తుంచుకున్నాడు.

"మా అమ్మ ఉన్నన్నాళ్ళూ మిమ్మల్ని వెనకేసుకొచ్చింది. నాకంత ఓపిక లేదు. ఇంకొక్కసారి ఎవరితోనైనా కారం లేదని అబద్ధం చెప్పారా, ఈ కుర్చీ తీసి పెరట్లో పడేస్తాను. అందరి ముందూ చెబుతున్నా."

అప్పటినుంచి ఆయన పడిన అవస్థ చూడాలి. కొత్త ముఖం కనిపిస్తే చాలు, చూపుడు వేలు దానంతటది గిన్నె దాకా పాకి, చెయ్యి కాలినట్టు వెనక్కి వచ్చేది.

"ఇందులో..." అనేవాడు.

"ఆఁ, ఇందులో?" అని వంటింట్లోంచి ఫిదేలియా.

"ఇందులో ఉల్లిపాయ బాగా కుదిరిందంటున్నా."

ఫిదేలియాకు ఆ రోజుల్లో హోటలు కంటే పెద్ద దిగులు ఇంకోటి ఉంది. తల్లి పోయి కొన్ని నెలలైంది. ఫిదేలియా ప్రార్థనలు జరిగినన్నాళ్ళూ వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చి, తేరుకుని, పొయ్యి వెలిగించింది. అన్న నికనోర్ మాత్రం కంటతడి పెట్టలేదు. తల్లి శవపేటిక మోశాడు, వచ్చినవాళ్ళకు కుర్చీలు మోశాడు, కాఫీ గిన్నె మోశాడు. తర్వాత తన మాంసం కొట్టుకు పోయి కత్తి పట్టుకున్నాడు. "ఎంత కావాలి?" అన్న మాట తప్ప ఆ నోట్లోంచి రెండో మాట రావడం లేదు. చెల్లెలి హోటలు గుమ్మం తొక్కడు, మాంసం ఎవరి చేతనో పంపిస్తాడు. మనిషి లోపల్నుంచి రాయి అయిపోతున్నాడని ఫిదేలియాకు భయం.

సోమవారం వచ్చింది. ఆ ప్రాంతంలో సోమవారం ఏం వండారని ఎవరూ అడగరు. ఇంటింటా నల్ల చిక్కుడు గింజలతో వండిన పంది మాంసమే. మెరీదా ఏజెంటు కూడా, ఆ ముసలాయన నోరు కట్టేశామని ఫిదేలియా ఒట్టేసి చెబితే, మళ్ళీ వచ్చి సార్జెంటు పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఫిదేలియా ఒలెగారియో వేలిని నమ్మే స్థితిలో లేదు. అందుకని ఆ పొద్దున పచ్చడిలో ఒక్క కారపు మిరపకాయ కూడా వెయ్యలేదు. రంగు కోసం తీపి మిరప తరిగి పడేసి, ఎవరికీ చెప్పకుండా బల్లల మీద పెట్టేసింది. ఇంక ఆయన ఏం వాగినా ఎవరి నోరూ కాలదు.

జనం నిండిపోయాక గుమ్మంలో నికనోర్ కనిపించాడు. ఎందుకొచ్చాడో అతనికే తెలియనట్టుంది. ఖాళీగా ఉన్నది ఒలెగారియో ఎదుటి కుర్చీ ఒక్కటే. కూర్చున్నాడు. ఫిదేలియా కంచం తెచ్చి పెట్టింది. తల్లి నేర్పిన వంట, తల్లి వాడిన కంచం. నికనోర్ దాని వంక చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి లేవలేదు.

ఒలెగారియో అతని ముఖం చూశాడు. తన కుర్చీ చెయ్యి ఒకసారి నిమిరాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఫిదేలియా వైపు దొంగచూపు చూశాడు. చూపుడు వేలు కదిలింది.

"పచ్చడి వేసుకో, నికనోర్. ఇందులో కారమే లేదు."

హోటలంతా చెంచాలు ఆగిపోయాయి. నికనోర్ చిన్నప్పుడు హబనేరో కాయలు జేబులో వేసుకుని మిఠాయిలా నమిలిన మనిషి. వీధి మలుపులోంచే వాసన పట్టి కాయ ఏ తోటదో చెప్పగలడు.

"నిజంగా లేదా, బాబాయ్?"

"నా మాట మీద తిను."

ఒక చెంచా తిన్నాడు. రెండో చెంచా తిన్నాడు. మూడోది నోటిదాకా వచ్చి ఆగింది. "అబ్బా, ఇంత కారమేమిటి బాబాయ్," అంటూ కంచం పక్కకు తోసి, బల్ల మీద తల ఆనించి, తల్లి కోసం అరిచే దూడలా ఏడ్చాడు.

ఫిదేలియా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. నారింజ రసానికి ఇంత మనిషి ఏడుస్తాడా? సార్జెంటు ఏడ్చింది అతని తమ్ముణ్ణి పూడ్చిపెట్టిన వారం. మాస్టారు తువ్వాలు తడపడం మొదలైంది కూతురు మఠంలో చేరిపోయాక. అందరూ ఈ ఊళ్ళో పుట్టి ఈ పచ్చడితో పెరిగినవాళ్ళే. కారం లేదంటే నమ్మడానికి వీళ్ళకేం పిచ్చా?

మెరీదా ఏజెంటు లేచి నిలబడ్డాడు. "విన్నారా అమ్మా? మళ్ళీ అదే మాట. మరి మీరన్న మాట ఏమైంది?"

ఒలెగారియో టోపీ పెట్టుకుని, తన కుర్చీ తనే ఎత్తుకున్నాడు. "నువ్వు శ్రమపడకు అమ్మాయ్. పెరట్లో నేనే పడేసి పోతాలే."

ఫిదేలియా పెరటి గుమ్మంలో అడ్డం నిలబడి గొంతు తగ్గించింది. "ఎన్నాళ్ళనుంచి ఈ పని, బాబాయ్?"

"హాలు మూసినప్పటి నుంచీ. చెప్పుల కొట్లో ఏడవలేరు కదమ్మా మగాళ్ళు."

"ఇవాళ అందులో మిరపకాయే లేదు."

"తెలుసు. వాసన రాలా."

"అయితే మీరు చెప్పింది నిజమే కదా. అందరితో ఆ మాటే చెప్పేస్తాను, కుర్చీ దింపండి."

"చెప్పకు. వాడు ఇంకా ఏడవడం పూర్తి చెయ్యలేదు." ఒలెగారియో కుర్చీని భుజం మీద సర్దుకున్నాడు. "దారి ఇయ్యి."

ఫిదేలియా దారి ఇవ్వలేదు. కుర్చీ లాక్కుని, తెచ్చి యథాస్థానంలో దభీమని పెట్టి, నడుమున చేతులు వేసుకుంది.

"అందరూ వినండి. తప్పు నాది. పొద్దున చెయ్యి జారి రెండు రోజుల మిరపకాయలు ఒక్కసారే పడ్డాయి. బాబాయ్ రుచి చూడకుండా మాట్లాడాడు, అంతే. ఆ కారానికి రాతి బొమ్మ కళ్ళు కూడా కారతాయి."

"అంత కారం ఏముందో నేనూ చూస్తే గానీ నమ్మను," అంటూ ఏజెంటు గిన్నె కోసం చెయ్యి చాచాడు.

"పెద్దవాళ్ళు ముందు," అని హెర్మిలో మాస్టారు గిన్నె అందుకున్నాడు. చెంచాడు తిన్నాడు. గిన్నెలోకి చూశాడు. ఫిదేలియాను చూశాడు. బల్ల మీద కదులుతున్న నికనోర్ భుజాలను చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి, తుడిచి, "అమ్మో, నాలుక మీద నిప్పెట్టినట్టుంది" అని గిన్నె సార్జెంటుకు అందించాడు.

సార్జెంటుకు నటన చేతకాదు, కానీ చిత్తశుద్ధి ఉంది. చెంచాడు మింగి, లేచి, కూర్చుని, అటు ఇటు వాళ్ళ నీళ్ళు కూడా తాగేసి, "ఇది లాకప్పులో పెట్టాల్సిన పచ్చడి" అన్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు రుచి చూసి శాలువా కొంగులతో విసురుకున్నారు. చేతులు మారి మారి గిన్నె ఏజెంటు దగ్గరికి వచ్చింది. అతను భయం భయంగా నాలుక కొసతో తాకాడు. ఆగాడు. ఈసారి చెంచా నిండా తీసుకున్నాడు. ముఖం విప్పారింది.

"ఇదేమిటండీ, ఇందులో అసలు..."

బల్ల కింద సార్జెంటు బూటు చట్టం బరువంతా మోపి అతని కాలివేళ్ళ మీద దిగింది. ఏజెంటు మాట గొంతులోనే ఆగిపోయి, కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

అప్పటికి నికనోర్ తల ఎత్తాడు. ముఖం వాన వెలిసినట్టుంది. ఏజెంటు అవస్థ చూసి తన గ్లాసు అతని ముందుకు జరిపాడు.

"పాపం, ఈ ఊరివారు కాదా? అలవాటు లేనట్టుంది. మెల్లిగా తాగండి," అన్నాడు. తర్వాత తన కంచం దగ్గరికి లాక్కుని, వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఫిదేలియా, వేడిగా ఇంకో రెండు రొట్టెలు వెయ్యవే."