బొట్టు పెట్టిన తుపాకీ

ఒమన్ దేశంలో, ఈ దుక్మ్ రేవులో నాకున్న ఫిర్యాదు ఒక్కటే. కళ్లద్దాలు.

నా రూమ్‌లో ఉండే క్రేన్ ఆపరేటర్ రాజయ్యది జగిత్యాల పక్కన ఊరు. ఏసీ పదహారు మీద పెట్టి, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటాడు. ఇరవై నాలుగు మీద పెడితే దుప్పట్లతో పని ఉండదు కదయ్యా అంటే, "కరెంటు కంపెనీది సార్, చలి మనది" అంటాడు. పొద్దున డ్యూటీకని తలుపు తీస్తానో లేదో, సముద్రం వైపు నుంచి తడిగాలి కొట్టి అద్దాలు తెల్లగా మూసుకుపోతాయి. గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ని నేను. లోపలికొచ్చే ప్రతి లారీనీ కళ్లారా చూడాల్సినవాణ్ణి. అలాంటి పెద్దమనిషిని మెట్ల మీద నిలబడి, ఏమీ కనపడక, చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుంటూ ఉంటాను.

మొన్న రాజయ్య ఒక మాట అడిగాడు. దసరాకు క్రేన్‌కు పూజ చేస్తారట. మిలిటరీ మనిషిని కాబట్టి నా చేత్తో బొట్టు పెట్టాలట. డ్యూటీ ఉందన్నాను. ఆ రోజు నాకు సెలవని రాజయ్యకు తెలుసు. ఏమీ అనలేదు. అనకపోవడం వల్ల ఇది రాయాల్సి వస్తోంది.

నేను సైన్యంలో ఉన్న రోజులవి. మేం ఆ కొండ మీది పోస్టుకు చేరేటప్పటికి యుద్ధం మొదలై కొంతకాలమైంది. దేశపటంలో ఉత్తరాన, ముద్రించేవాళ్లు ఊళ్ల పేర్లు రాయడం మానేసిన చోటు. పదిహేడు వేల అడుగుల ఎత్తు. చెట్టు లేదు, గడ్డి లేదు, కాకి కూడా లేదు. రాయి, మంచు, గాలి. ఆ గాలిలో పీల్చుకోవడానికి పనికొచ్చేది తక్కువ. పప్పు ఉడికేది కాదు. ఉడకలేదని చెప్పినవాడికి మర్నాడు వంట డ్యూటీ పడేది. అందుచేత మా పోస్టులో వంట మీద ఫిర్యాదులు ఉండేవి కావు.

నేను రేడియో ఆపరేటర్ని. కాకినాడలో బీఎస్సీ ఫిజిక్స్ చదివి సైన్యంలో చేరినందుకు అందరూ నన్ను బీఎస్సీ అనేవారు. అందులో గౌరవమేమీ లేదు.

మొదటి రోజే మా సుబేదార్ సాబ్ ఒక నియమం చెప్పాడు. ఆయనది పలాస దగ్గర. "మనుషులు లోపల, తుపాకులు బయట. ఎవడైనా తుపాకీకి చలేస్తుందని లోపలికి తెచ్చాడో, వాణ్ణి బయట పడుకోబెడతాను." కారణం నా కళ్లద్దాలదే. మంచులో ఉన్న ఇనుము కిరోసిన్ స్టవ్ వెచ్చదనంలోకి వస్తే దానికి చెమట పడుతుంది. మళ్లీ బయటికి తీసుకెళ్తే ఆ చెమట లోపలి భాగాల్లో మంచై బిగుస్తుంది. అద్దాలకైతే చొక్కా అంచు చాలు.

మెషిన్‌గన్ పట్టేవాడిది నిజామాబాద్ వైపు. గన్నర్ అనే పిలిచేవాళ్లం. కొండ ముందుగా ఎక్కి తాడు కట్టేవాడు గఢ్వాల్ కుర్రాడు. మంచుకొండల్లోనే పుట్టాడు. సగానికి సగం తెలుగువాళ్లున్న మా సైనిక కంపెనీలో వాడికి తెలుగు నేర్పే బాధ్యత గన్నర్ తీసుకున్నాడు. "అన్నా, తిన్నవా" అని మొదట నేర్పాడు. వాడు దాన్ని పలకరింపుకూ వాడాడు, వీడ్కోలుకూ వాడాడు. ఒకసారి హెలికాప్టర్‌లో దిగిన కల్నల్‌ను కూడా అడిగాడు. ఆయన తినలేదన్నాడు. గన్నరూ వాడూ పక్కపక్కనే పడుకునేవాళ్లు. వాడి చెయ్యి తాడు మీదుంటే గన్నర్ కళ్లు వాడి మీదుండేవి. అది ఆర్డర్ కాదు, అలవాటు.

దసరా వచ్చింది. ఏ పోస్టులో ఉన్నా మా కంపెనీ ఆయుధపూజ మానలేదు. మైదానంలో తుపాకులు వరసగా పేర్చి చేస్తాం. ఇక్కడ బయట వత్తి నిలవలేదు. మూడుసార్లు వెలిగించారు, మూడుసార్లూ గాలి ఆర్పేసింది. సుబేదార్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. ఎదురు గుట్ట మీద దాడికి ఇంకా నాలుగు రోజులుంది. ఒక్క పూట లోపల పెడితే, ఆరబెట్టుకోవడానికి మూడు రోజులు మిగులుతాయి. లెక్క సరిగానే ఉంది. తుపాకులు లోపలికొచ్చాయి.

గన్నర్ పసుపు తడిపి మెషిన్‌గన్‌కు రాశాడు. ట్రిగ్గర్ పైన రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాడు. గుమ్మడికాయ లేదు, పైనాపిల్ డబ్బా కోశాం. కర్పూరం వెలిగింది. అంతమంది ఒకచోట కూర్చుని నవ్వడం ఆ కొండ మీద అదే మొదలు. నాకు గుర్తున్నంతలో అదే చివర.

మధ్యాహ్నం నా సెట్ మోగింది. వాతావరణం చెడబోతోంది. దాడి రేపు తెల్లవారుజామున. నేను చదివి వినిపిస్తే సుబేదార్ సాబ్ తుపాకుల వైపు చూశాడు. తుడవగలిగినంతా తుడిచాం. ఒక గుండు కాల్చి చూసుకుంటే తేలిపోయేది. కాల్చకూడదు. ఆ లోయలో తుమ్మినా అవతలి గుట్టకు వినిపిస్తుంది.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. ఐదున్నరకు గుట్ట కింది గండిలో ఉన్నాం. పైన వాళ్ల బంకరు. మధ్యలో రెండు వాలీబాల్ కోర్టులంత బోడి మంచు, దాని చివర నిట్టనిలువు బండ. గఢ్వాలీ ముందు దాటి బండకు తాడు కట్టాలి. వాడు దాటేంతవరకూ మెషిన్‌గన్ బంకరు నోరు మూయించాలి. తర్వాత మేం.

"అన్నా, తిన్నవా" అన్నాడు వాడు, తాడు భుజాన వేసుకుంటూ.

"నువ్వు దాటు. నేను చూస్కుంట" అన్నాడు గన్నర్.

గఢ్వాలీ సగం దూరం వెళ్లాక బంకరు నిద్రలేచింది. మా గన్ మూడు గుళ్లు కాల్చి ఆగిపోయింది. గన్నర్ బోల్టు లాగాడు. కదల్లేదు. రెండు చేతుల గ్లవ్స్ తీసి లాగాడు. రైఫిళ్లు కూడా కొన్ని పేలాయి, చాలా వరకు పేలలేదు. గఢ్వాలీ బియ్యం బస్తా అంత రాయి చాటున పడుకున్నాడు. తన దగ్గరున్న చిన్న రేడియో సెట్‌లో నన్ను హిందీలో అడిగాడు, గన్‌కి ఏమైందని. ఒక్క నిమిషం అన్నాను. నిమిషం అనేది అందరూ అనే మాట.

సుబేదార్ సాబ్ పాక్కుంటూ వచ్చాడు. "ఒరేయ్, దాని మీద ఉచ్చ పొయ్యి. వేడికి వదులుతుంది."

అది ఆయన కనిపెట్టిందేమీ కాదు, మంచులో పాత విద్యే. కానీ గన్నర్ తల అడ్డంగా ఊపాడు. "నిన్న బొట్టు వెట్టిన సాబ్. అమ్మవారు. ఎట్ల పొయ్యాలె?"

"అక్కడ వాడు చస్తున్నాడురా."

గన్నర్ బొట్టు మీద ఎడమ అరచెయ్యి పెట్టి మూశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చెప్పినట్టే చేశాడు.

గన్ కదిలింది. పదకొండు గుళ్లు. ఆ చప్పుడు విని గఢ్వాలీ లేచి పరుగెత్తాడు. అది వాడి తప్పు కాదు, గన్నర్ చూసుకుంటానన్నాడు. పన్నెండోది రాలేదు. ఇప్పుడు ఆ నీళ్లు కూడా గడ్డకట్టాయి. గుండు తగిలి గఢ్వాలీ తొడ పట్టుకుని ఇంకో రాయి దగ్గర పడ్డాడు. ఇది మొదటిదానికంటే చిన్నది.

సెట్ నా చెవి దగ్గరుంది. గన్నర్ చెవి నా చెవి దగ్గరుంది. ఈసారి వాడు తెలుగులో అడిగాడు. గన్నర్ నేర్పని వాక్యం, వాడంతట వాడు కూర్చుకున్నది.

"అన్నా, అమ్మవారు పండుకున్నదా?"

వాడి కోసం రెండుసార్లు ప్రయత్నించాం. రెండుసార్లూ గుండు తగిలిన మావాణ్ణి ఒకణ్ణి మోసుకుని వెనక్కొచ్చాం. మంచు కురవడం మొదలైంది. కింది నుంచి ఆర్డర్ వచ్చింది, వెనక్కి తిరగమని. దాడి ఎందుకు ఆగిందని అడిగారు. వాతావరణం అని చెప్పమన్నాడు సుబేదార్ సాబ్. చెప్పాను. అబద్ధమేమీ కాదు.

బ్యాటరీ మిగలాలి, మాట్లాడొద్దు, బతికున్నానని చెప్పడానికి మీట రెండుసార్లు నొక్కు అని గఢ్వాలీకి చెప్పాను. రాత్రికి మనుషులం వస్తామని కూడా చెప్పాను. గండి దిగుతుంటే చెవిలో టక్ టక్ వినిపిస్తూనే ఉంది. కాసేపు ఆగి మళ్లీ టక్ టక్. రెండో మలుపు తిరిగాక వినిపించలేదు. బ్యాటరీ చల్లబడిందా, కొండ అడ్డొచ్చిందా, మనిషి పోయాడా? సెట్ చెప్పదు. ఫిజిక్స్ ప్రకారం మూడూ సాధ్యమే. రాత్రికి మంచు తుఫాను పట్టుకుంది, నాలుగు రోజులు వదల్లేదు. మంచు కరిగాక వేరే కంపెనీవాళ్లు వాణ్ణి తెచ్చారు.

గన్నర్ ఇప్పుడు ఇదే దేశంలో, నిజ్వాలో ఒక కంపెనీ గోడౌన్‌కు వాచ్‌మన్. వీసా నేనే చూశాను. దుక్మ్ నుంచి నిజ్వాకు బస్సులో ఒక పగలంతా పడుతుంది, అందుకే కలవం అని ఇద్దరం ఒప్పుకున్నాం. దసరా రోజు ఫోన్ చేస్తాడు. అక్కడ ఎండ ఎట్లుంది అంటాడు. బాగానే ఉందంటాను. నిజ్వాలో ఎలా ఉందో చెప్తాడు. ఇద్దరు వాతావరణ శాఖ ఉద్యోగుల్లా మాట్లాడుకుని పెట్టేస్తాం. ఆ కొండ గురించి మాట్లాడం. గఢ్వాల్ వెళ్లిన సంగతి అసలే మాట్లాడం.

పోస్టు దిగాక, సెలవు మీద ఇంటికి పోయేముందు, ఇద్దరం కలిసి వాళ్ల ఊరు వెళ్లాం. రైలు, బస్సు, తర్వాత నడక. తండ్రి ఒక్కడే ఉన్నాడు. ఆయనా ఒకప్పుడు సైనికుడే, మంచు పోస్టుల్లోనే పనిచేశాడు. మమ్మల్ని కూర్చోబెట్టి తనే టీ కాచాడు. ఏం చెప్పాలో మేం బస్సులో అనుకునే వచ్చాం. నేను చెప్పాను. వాతావరణం పాడైందన్నాను. మీవాడు అందరికంటే ముందున్నాడన్నాను. రెండూ నిజాలే. ఆయన వింటూనే మాకు గ్లాసుల్లో టీ పోశాడు.

గన్నర్ అప్పటిదాకా ఎడమ చెయ్యి శాలువాలో దాచుకున్నాడు. ఉత్త చేత్తో చల్లని ఇనుము పట్టుకున్నందుకు మంచు కొరికిన ఆ చేతికి మూడు వేళ్ల కొసలు తీసేశారు. టీ గ్లాసు కాలుతుంటే మర్చిపోయి రెండు చేతులతో పట్టుకున్నాడు. అరచెయ్యి గ్లాసు మీద, ఆ రోజు బొట్టు మీద మూసినట్టే మూసుకుంది. ఇప్పటికీ పొద్దున మెట్ల మీద అద్దాలు తెల్లబడినప్పుడు, గేటు దగ్గర ఎర్రలైటు ఆ తెలుపు వెనక చిన్న చుక్కలా కనిపిస్తుంది. నాకు కనిపించేది లైటు కాదు, దాని మీద మూసుకోబోయే చెయ్యి.

ఆ రోజు టీ దగ్గర ముసలాయన గన్నర్ చేతినే చూస్తున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"తుపాకులు లోపల పెట్టి ఉంటారు" అన్నాడు.