తొందర లేని గంట

తిరుపతి బైపాస్ రోడ్డు పక్కనున్న ఆ నర్సింగ్ కాలేజీలో పొద్దున ఆరున్నరకే తాళం తీసే గది ఒక్కటే, ప్రాక్టికల్స్ గది. తీసేది జ్ఞానాంబ. పూతలపట్టు మనిషి, ఇరవై రెండేళ్లుగా అక్కడ ట్యూటరు. ఆ వేళకు కిటికీ అద్దాలను మంచు ఇంకా వదలదు. గదిలో వెలుగు పలచని పాలలాగా ఉంటుంది. మంచం మీద రబ్బరు బొమ్మ ఒకటి పడుకుని ఉంటుంది. దానికి పిల్లలు గురప్ప అని పేరు పెట్టారు. ఎన్ని బ్యాచుల చేత సూదులు పొడిపించుకున్నాడో లెక్కలేదు, ఏనాడూ నోరెత్తని మహానుభావుడు. జ్ఞానాంబ అతని దుప్పటి సరిచేసి, సుద్దముక్క తీసుకుని, నేల మీద చుక్కలు పెట్టడం మొదలుపెడుతుంది.

చూసినవాళ్లు ముగ్గు వేస్తోందనుకుంటారు. అనుకోనీండి, అదీ నిజమే. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఒక చుక్క. ట్రే దగ్గర ఒకటి. మందు సీసా దగ్గర మూడు, ఎందుకంటే సీసా మీది పేరు మూడుసార్లు చదవాలి: బీరువాలోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు, సీసా తిరిగి పెట్టేటప్పుడు. రోగి పేరు అడిగే చోట ఒకటి. ఇలా మొత్తం పదకొండు. పుస్తకంలో రెండు పేజీలున్న పాఠం నేల మీద పదకొండు అడుగులయింది. పిల్లలు వట్టి కాళ్లతో ఆ చుక్కల మీద నడుస్తారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. నడిచీ నడిచీ పాఠం కాళ్లలోకి దిగుతుంది. ఆ సమయంలో అటు వెళ్లినవాళ్లకు, ఈ పిల్లలు నిద్రలో నడుస్తున్నారా అనిపిస్తుంది.

అందరూ నడిచినా ఆ చుక్కలు పుట్టింది కోమలి కోసం. కార్వేటినగరం పిల్ల, రెండో సంవత్సరం. వాళ్ల నాయన వెంకటముని మామిడితోటకు కాపలా ఉంటాడు. పిల్ల చురుకైనదే. నోటితో అడిగితే ఏ ప్రశ్నకైనా జవాబు చెబుతుంది. కాగితం మీది అక్షరాలే ఆమెకు కుదురుగా నిలవవు. ఆమె ఒక వరుస చదివేలోగా పక్కపిల్లలు పేజీ తిప్పేస్తారు. చేతులదీ అదే తీరు, చెప్పిన మాట వినవు. గ్లవ్స్ తొడుక్కోవడానికి ఐదు నిమిషాలు. ట్రే ఎత్తితే ఏదో ఒకటి కింద పడాల్సిందే. స్టీలు గిన్నె చప్పుడు వినిపిస్తే చాలు, ఎవరూ తలతిప్పి చూడకుండానే "కోమలీ!" అని కేకేసేవారు. ఒకసారి ఆమె సెలవు మీద ఊరెళ్లిన రోజు కూడా కేకేశారు.

నిరుడు రాతపరీక్షల్లో ఒక పేపరు పోయింది. తెలియక కాదు, టైము చాలక. చివరి రెండు ప్రశ్నలూ ఆమె ముట్టనేలేదు. ఈసారీ పోతే చదువు మాన్పించి చిత్తూరులో బట్టల కొట్టులో చేరుస్తానని వెంకటముని తేల్చి చెప్పేశాడు. అప్పుడు జ్ఞానాంబే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి పరీక్ష చేయించింది. డాక్టరు రెండు పేర్లు చెప్పాడు. చదువు దగ్గర తడబడేది డిస్లెక్సియా, చేతులూ కాళ్లూ తడబడేది డిస్ప్రాక్సియా. వీటికీ తెలివికీ సంబంధం లేదన్నాడు. ఇలాంటివాళ్లకు రాతపరీక్షలో గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తారు, కాలేజీ నుంచి అడిగించండి అని కాగితం రాసిచ్చాడు. అంటే మూడు గంటల పరీక్షకు ఇంకొక గంట.

తిరుగు బస్సులో కోమలి ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అట్లయితే నేను మొద్దును కాదా మేడం?"

"మొద్దయితే ఈ మాట అడుగుతావా పాపా?" అంది జ్ఞానాంబ. అని కిటికీ వైపు తిరిగింది. డాక్టరు నోట ఆ పేర్లు విన్నప్పటి నుంచీ ఆమె మనసు కుదుటగా లేదు.

డాక్టరు చెప్పినదంతా ఆమెకు తన కథలాగే వినిపించింది మరి. ముప్పై ఏళ్ల కిందట ఆమె నర్సింగ్ చదివిన చోట, గదిలో తోడుండే అమల రోజూ సాయంత్రం పాఠాలు పైకి చదివేది. జ్ఞానాంబ కళ్లు మూసుకుని వినేది. అమల గొంతు వెంట ఆమె ఎక్కడెక్కడో తిరిగి వచ్చేది. గుండె అంటే నాలుగు గదుల ఇల్లు, రక్తం ఆ ఇంటికి వచ్చి పోయే చుట్టాలు. ఊపిరితిత్తులు తెల్లవారుజామున తడిసిన రెండు తోటలు. అలా చూసిందే ఆమెకు వచ్చిన చదువు, కళ్లతో చదివింది కాదు. పరీక్షలు మాత్రం ఒడ్డున పడ్డానంటే పడ్డానన్నట్టు గట్టెక్కింది. ఆ తర్వాత ఎవరు కాగితం చేతికిచ్చినా ఒకటే మాట: "అద్దాలు ఇంట్లో మర్సిపోయినాను, మీరే సదవండబ్బా." అద్దాలు మెడలో వేలాడుతుండగానే ఆ మాట చెప్పిన రోజు కూడా ఉంది. స్టాఫ్ రూములో అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. లోపల మాత్రం ప్రాణం చచ్చిపోయింది.

పరీక్షలకు నెలరోజుల ముందు కోమలికి ఆసుపత్రిలో వార్డు డ్యూటీ పడింది. సూది వేయాల్సింది దేవకమ్మ అనే ముసలామెకు. కోమలి ట్రేతో మంచం దగ్గరకు వచ్చింది, ఆగింది. కింద గచ్చు నున్నగా, తెల్లగా ఉంది. చుక్కలు లేవు. మన జ్ఞానాంబకు ఇన్నాళ్లూ ఆ సంగతే తట్టలేదు. ఊళ్లోని ఆసుపత్రులన్నిటికీ ఆమె సుద్దముక్క పట్టుకుని తిరగగలదా? కోమలి ఒక క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత ఆమె పాదాలు ఉన్నచోటనే చిన్నచిన్నగా కదలడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు, మూడు.

"ఏంది పాపా, కాళ్లతో ముగ్గేస్తా ఉండావా?" అంది దేవకమ్మ.

"అవునవ్వా. అయిపాయ, ఇంగ రెండు సుక్కలే."

సూది సరిగ్గానే పడింది. కానీ తలుపు దగ్గర ప్రిన్సిపాల్ రమామణి నిలబడి అంతా చూసింది. గుడిలో ఉద్యోగాలు చేసిన కుటుంబం ఆమెది. తెల్లవారకముందే స్నానం, గడియారం కంటే ముందే కాలేజీ. ఏ పనీ ఒక నిమిషం ఆలస్యం కాకూడదు, ఒక గీత పక్కకు పోకూడదు. ఆ సాయంత్రమే జ్ఞానాంబను పిలిపించింది. బల్ల మీద, పరీక్షలో అదనపు గంట కోసం పెట్టిన కోమలి అర్జీ ఉంది. యూనివర్సిటీకి పంపాలంటే దాని మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. శుక్రవారం ఆఖరు రోజు, ఆ రోజు గురువారం.

"నేను సంతకం పెట్టలేనండీ" అంది రమామణి. "నాకు జాలి లేక కాదు. పేషెంటు ముందర ఆ పిల్ల కాళ్లతో ఏమిటది? రేపు మందు పేరు చదవలేక ఒకరిది ఇంకొకరికి ఇస్తే? ఆ ఇంటివాళ్లకు నేనేం జవాబు చెప్పేది జ్ఞానాంబా?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. జ్ఞానాంబ కళ్ల ముందు బట్టల కొట్టులో రోజంతా నిలబడిన కోమలి కనబడింది.

"మీ అమ్మగారికి జబ్బు చేసినప్పుడు నెలరోజులు ఇంటికొచ్చి సూదులేసింది నేనే గదా మేడం?"

"మరిచిపోతానా? మీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి ఒప్పుకునేది కాదు అమ్మ."

"ఈ పిల్ల కండ్లకు అక్షరాలు ఎట్లుంటాయో నా కండ్లకూ అట్లే ఉంటాయి మేడం. ముప్పై ఏండ్లుగా దాచిపెట్టినాను. అద్దాలు మర్సిపోయినానని చెప్పిందంతా అబద్ధం." ఆమె అక్కడితో ఆపలేదు. "బాగా సదవొచ్చినోళ్లు సీసాను ఒకమారు సూసి ఎత్తుకుంటారు. నాకు భయం. అందుకే ప్రతి సీసా మీదా వేలు పెట్టి, మూడుమార్లు సదివినాను. మీ అమ్మగారి మందు గూడా అట్లే సదివినాను. ఈ బిడ్డకూ అదే నేర్పిస్తా ఉండాను."

రమామణి ఆమె ముఖంలోకి చూసింది. నమ్మకం కుదరలేదు. అర్జీని ఆమె వైపు జరిపింది. జ్ఞానాంబ దాన్ని తీసుకుని, మొదటి అక్షరం కింద వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టింది.

పన్నెండు వరుసలున్నాయి. రెండో వరుసకే మెడ వెనక చెమట పట్టింది. ఒక మాట దగ్గర ఆగిపోయి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చింది. గుమాస్తా తలుపు తోస్తే రమామణి చేత్తోనే వారించింది. ఐదో వరుసలో జ్ఞానాంబ చిక్కుకుపోయినప్పుడు ఆ మాట అందించడానికి రమామణి నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. అలా ఎవరూ మూసుకోరు. అందరూ అందించేస్తారు. చివరి వరుస అయ్యేసరికి బల్ల మీది టీ మీద మీగడ కట్టింది.

"ఇన్నేళ్లూ ఈ కుర్చీలోనే, నా ఎదురుగానే కూర్చున్నారు" అంది రమామణి మెల్లగా. కలం తీసి సంతకం పెట్టింది. "డ్యూటీలో ఆరు నెలలు ఆ పిల్ల పక్కన మీరుండాలి. అట్లయితేనే."

"ఉంటాను మేడం."

బయటికి వచ్చాక జ్ఞానాంబకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఒళ్లు తేలికైంది. మూడూ ఒకేసారి. ఇంటికి వెళ్లే బస్సు కాక వేరే బస్సు ఎక్కి, మూడు స్టాపులు దాటాక దిగింది.

రాతపరీక్ష రోజున ఆమె హాలు బయట బెంచీ మీద కూర్చుంది. మూడు గంటలు గడిచాయి, గంట కొట్టారు. పిల్లలంతా గలగలా బయటికొచ్చి, ఏ ప్రశ్నకు ఎవరేం రాశారో వాదించుకుంటూ క్యాంటీన్ వైపు పోయారు. లోపల కోమలీ, ఒక ఇన్విజిలేటరూ మిగిలారు. వరండా నిశ్శబ్దమైంది. ఎండ మెట్ల మీది నుంచి మెల్లగా జరుగుతోంది. జ్ఞానాంబ కాసేపు ప్రార్థన చేసుకుంది, కాసేపు కునికింది. కలలో అమల ఏదో చదువుతోంది, ఏమిటో తెలియలేదు. కళ్లు తెరిచేసరికి కోమలి ఎదురుగా నిలబడి ఉంది.

"అన్నీ రాసినావా పాపా?"

"అన్నీ రాసినాను మేడం. ఇంగా పది నిమిషాలు మిగిలినాది."

"మళ్లీ సదువుకున్నావా?"

"ఒకమారు సదువుకున్నా. ఆమైన ఊరికే కూసున్నా. బిరీన కానీ, బిరీన కానీ అని ఎవురూ అనకుండా కూసుంటే ఎట్లుంటాదో సూద్దామని."

"ఎట్లుండాది?"

కోమలి ఆలోచించింది. జ్ఞానాంబ తొందరపెట్టలేదు.

"ఆ గది కిటికీలోంచి కొండ అగపడతాది మేడం. రెండేండ్లుగా ఆడ పరీక్షలు రాస్తా ఉండానా, ఈ పొద్దే సూసినా."

జ్ఞానాంబకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఏళ్ల కిందట తాను పరీక్షలు రాసిన గదికి కిటికీ ఉందో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.