ఎంగెరాన్ అయ్యవారు చేయని ప్రమాణం

ఎంగెరాన్ అయ్యవారి ముక్కు ఒకసారి బ్రెటన్ విద్యార్థుల చేతిలోను, మరొకసారి సొంత శిష్యుని చేతిలోను విరిగింది. ఆ శిష్యుణ్ణి ఆయన మరునాడు యథాప్రకారం పాఠానికి రానిచ్చారు. వాని వాదంలో దోషమున్నది గాని గుద్దులో దోషమేమీ లేదన్నారు.

పారిస్ నగరంలోని గడ్డివీధిలో తర్కం చెప్పే గురువులు అనేకులుండేవారు. ఆయన వారిలో గొప్పవారు కారు, తీసిపారవేయదగినవారూ కారు. ఆరాస్ పట్టణంలో కసాయివాని ఇంట పుట్టి, చర్చి బడిలో లాటిను నేర్చి, మా పికార్డు సీమ కుర్రవాళ్ళందరివలెనే కాలినడకన పారిస్ చేరి, అక్కడే గురువై స్థిరపడ్డారు. గ్రంథమొక్కటీ రాయలేదు. నేలపై పరచిన గడ్డిలో ముడుచుకుని కూర్చున్న మాకు, ‘అందరూ’ అన్న మాటకూ ‘కొందరు’ అన్న మాటకూ గల అంతరాన్ని బెత్తంతో వీపుమీద రాసి చూపేవారు. ఔననే వాక్యం, దానినే కాదనే వాక్యం ఎదురెదురుగా నిలిచినప్పుడు రెంటిలో ఒకటి నిజమై తీరుతుందనీ, మూడవ దారి లేదనీ చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు ప్రార్థన చేసేవాని గొంతువలె తగ్గేది. నేను మొదట ఆయనకు శిష్యుణ్ణి. పిదప అదే వీధిలో గురువునై, ఆయన గదిలోనే పడకను పంచుకున్నాను.

గడ్డివీధిలో పుట్టిన దేశాన్ని బట్టి కూటములుండేవి. మా పికార్డులకూ నార్మన్లకూ వాదం మొదలైతే తల పగిలితే గాని ముగిసేది కాదు. ఆ ఏడు ఉపవాసకాలపు బహిరంగ వాదాలలో అయ్యవారు పీఠం మీద ఉండగా, ఓస్బెర్ అనే నార్మన్ పట్టభద్రుడు లేచి నిలుచున్నాడు. సన్నగా, తెల్లగా, చక్కని చేతిరాత గలవాడు. ప్రశ్న అడిగేటప్పుడు ముందుగా తన వాళ్ళవైపు చూసి నవ్వే అలవాటు వానికుండేది.

“అయ్యవారూ, ‘అందరూ’ అన్న వాక్యాన్ని కూల్చడానికి అలా కానివాణ్ణి ఒక్కణ్ణి చూపితే చాలునంటారు గదా?”

“చాలు.”

“అయితే, ‘పికార్డులందరూ పశువులే’ అని నేనంటున్నాను. ఆ ఒక్కణ్ణీ చూపించండి. మేము తొందరపడంలెండి, సాయంత్రం దాకా కూర్చుంటాం.”

నార్మన్లు గడ్డి పిడికిళ్ళతో పైకి ఎగజల్లుతూ కేకలు వేశారు. మావాళ్ళలో ఒకడు, “పులిసిన ఆపిల్ రసం తాగి పుట్టినవాడా, మీ అమ్మనడుగు, చూపిస్తుంది,” అన్నాడు. అయ్యవారు నవ్వలేదు. “ప్రశ్న సరిగానే వేశావు. జవాబు బయట చెప్తాను,” అని పీఠం దిగారు.

ఆ జవాబు మధ్యాహ్నమే, వీధి చివరి సారాయి నేలమాళిగలో చెప్పబడింది. అది రాతి కమానుల కింది గుహ. పట్టపగలైనా ఒక్క దీపమే ఆధారం. ఓస్బెర్‌కు అన్నయైన రోజే అనేవాడు కూడా వచ్చాడు. అతడు విద్యార్థి కాడు; ఊరినుండి తమ్ముణ్ణి చూడవచ్చిన రైతు. మొదట కుండలు లేచాయి, తరువాత బల్లలు. నా పన్నొకటి రాలి గొంతులోకి జారింది. ఒక నార్మన్ మా కూటమివాడైన వీబెర్ చెవి కొరికి నేలమీద ఉమ్మాడు. వీబెర్ వాని వేళ్ళు రెండు వెనుకకు విరిచాడు. అయ్యవారు ముక్కాలిపీట కాలు ఊడబెరికి చేతబట్టారు; మరికొందరూ అలాగే కర్రలు అందుకున్నారు. అప్పుడే ఎవరి మోచేయో తగిలి దీపం ఆరిపోయింది.

చీకటిలో కొట్టుకోవడం ఆగలేదు. మూలుగులూ, తడిగా పడే దెబ్బల చప్పుడూ వినిపించాయి. దుకాణదారు మరో దీపం తెచ్చేసరికి ఓస్బెర్ పీపాల నడుమ పడి ఉన్నాడు. తల వెనుకభాగం చేతితో నొక్కిన రొట్టెవలె లోపలికి పోయింది. అయ్యవారి చేతిలోని కర్రకు రక్తమున్నది. వీబెర్ చేతి కర్రకూ ఉన్నది. ఇద్దరు నార్మన్ల కర్రలకు కూడా ఉన్నది.

వీబెర్ అక్కడికక్కడే, “నేను కాదు, మేరీమాత సాక్షి,” అన్నాడు. నార్మన్లూ అదే అన్నారు. అయ్యవారు మాత్రం కర్రవంక చూస్తూ నిలబడ్డారు.

చదువుకున్నవాణ్ణి బిషప్పుగారి న్యాయస్థానమే విచారించాలి. సాక్షులు లేనిచోట అక్కడి పద్ధతి సులభం. నిందితుడు, “నేను ఈ పని చేయలేదు” అని సువార్త గ్రంథంమీద చేయిపెట్టి ప్రమాణం చేయాలి. ఇతని ప్రమాణం నమ్మదగినదని ఏడుగురు గురువులు ప్రమాణం చేయాలి. అంతటితో నింద తొలగిపోతుంది; వీబెరూ, ఆ ఇద్దరు నార్మన్లూ అలాగే బయటపడ్డారు. చేయకుంటే నేరం రుజువైనట్లే. ఏడుగురూ సిద్ధంగా ఉన్నారు, వారిలో నేనొకణ్ణి. విచారణకు ముందు బిషప్పుగారి చెరలో ఆయనను చూడబోయాను.

“రెంటిలో ఒకటి నిజమని మీరే గదా చెప్పేవారు. మీరు చంపలేదన్నదే నిజం కావచ్చు గదా, అయ్యవారూ?”

“కావచ్చు. కావచ్చు అన్నదాన్నించి అయింది అన్నది రాదురా, బోద్వాన్. దీనికే నీకు బెత్తం దెబ్బలు పడ్డాయి, మరిచావా?”

“మరవలేదు. వీపుమీద ఇంకా ఉన్నాయి. చీకట్లో మీ దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పండి పోనీ.”

“ఎముక విరిగింది. చేతికి తెలిసింది. ఎవరి ఎముకో చేతికి తెలియలేదు.”

“ఒక్క ‘కాదు’ అనేస్తే ఇంటికొస్తారు. వీబెర్ గాడు అనలేదా?”

“వాడికి తెలుసేమో. నాకు తెలియదు.”

నాకు కోపం ఆగక ఆయనను గోడకేసి నెట్టాను. ఆయన కదలలేదు గాని, ఇనుప గొలుసు మాత్రం మ్రోగింది.

న్యాయాధికారి వృద్ధుడు; ఒకప్పుడు తానూ గడ్డివీధిలో కూర్చుని చదివినవాడే. గ్రంథాన్ని ముందుకు జరిపి, “చంపలేదని చెప్పవయ్యా, ముగిద్దాం,” అన్నాడు.

“ఆ వాక్యం నిజమో కాదో నాకు తెలియదు, అయ్యా. తెలియనిదానిపై చేయి పెట్టలేను.”

“అయితే చంపానంటావా?”

“అదీ తెలియదు.”

మా ఏడుగురిలోని ముసలి గురువొకాయన, “మూర్ఖుడా, ఇది పాఠశాల కాదురా, ఉరికంబం ఎదురుగా ఉన్నట్టు మాట్లాడు,” అని అరిచాడు. న్యాయాధికారి చేయెత్తి ఆయనను ఆపి, “ప్రమాణం చేయనివాడు దోషి. నియమం నీకు తెలుసు,” అన్నాడు.

“దోషులలో కొందరు ప్రమాణం చేయరు. దాన్నించి ప్రమాణం చేయనివాళ్ళందరూ దోషులని రాదు.”

“రాదు,” అన్నాడు న్యాయాధికారి. “అయినా నియమం అది.”

శిక్ష పడింది. గురుపదం పోయింది. చదువుకున్నవానికి చిహ్నమైన నడినెత్తి మీది గుండ్రని క్షౌరపు గుర్తును చర్మంతోసహా కత్తితో గీకివేశారు. పిమ్మట చర్చి ద్వారం ముందు ఓస్బెర్ బంధువుల చేత బెత్తపు దెబ్బలు. బెత్తాల కట్టను ఓస్బెర్ అన్నయ్య రోజేకు ఇచ్చారు. నార్మన్లు వలయంగా నిలబడ్డారు. మమ్మల్ని ఈటెలవాళ్ళు వెనుకకు నెట్టి ఉంచారు.

రోజే లెక్కపెట్టకుండా కొట్టాడు. బెత్తం విరిగినకొద్దీ మరొకటి తీసుకున్నాడు. వీపు అనేది లేకుండా పోయాక ఆగి, వంగి, అయ్యవారి జుట్టుపట్టి ముఖం పైకెత్తాడు.

“నువ్వే చంపావని చెప్పు. ఆపేస్తాను. మా అమ్మకు చెప్పుకోడానికి ఒక మాట కావాలి నాకు.”

అయ్యవారు నోటిలోని రక్తం ఉమ్మి, “తెలిస్తే నీకు చెప్పేవాణ్ణి, నాయనా,” అన్నారు.

రోజే జుట్టు వదిలి, మరో బెత్తం అందుకున్నాడు. కట్ట అయిపోయేదాకా కొట్టి, చేతులు తుడుచుకోకుండానే వెళ్ళిపోయాడు.

మా గదికి మోసుకువచ్చాము. గాయాలు చీము పట్టాయి, జ్వరం తగ్గలేదు. చివరకు పక్క చర్చి గురువును పిలిపించాను. చేసిన హత్యను ఒప్పుకోమని ఆ గురువు అయ్యవారితో అన్నారు. ఒప్పుకోనిదే పాపవిమోచనం లేదన్నారు. ఒక్క ‘ఔను’తో పరలోకం దక్కుతుందని నేను అయ్యవారి కాళ్ళు పట్టుకున్నాను.

“కొట్టాలని కర్ర ఎత్తాను. వాణ్ణే కొట్టాలనుకున్నాను,” అన్నారు అయ్యవారు. “ఇది నాకు తెలుసు, ఇది ఒప్పుకుంటున్నాను. దెబ్బ ఎవరికి తగిలిందో దేవుడికి తెలుసు.”

 చర్చి గురువు ఆయన ఒప్పుకున్నంతవరకే విమోచనం పలికి, తైలం పూసి లేచారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

శవాన్ని తీసుకుపోతుండగా నార్మన్లు గడ్డివీధి మలుపులో రాళ్ళు రువ్వారు. మావాళ్ళు పాడెను నేలమీద దించి, అవే రాళ్ళు ఏరుకున్నారు. ఒక రాయి తగిలి రోజేకు కుడికన్ను పోయింది. విచారణలో న్యాయాధికారి సువార్త గ్రంథం ముందుకు జరిపాడు. మేమందరమూ వరుసగా వచ్చి, ఆ రాయి మాది కాదని గ్రంథంపై చేయి పెట్టాము.