దవడ పట్టీతో మూడు నిద్రలు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు. చేతిలో ఫోను పట్టుకుని వేలితో నొక్కితే ఎక్కడెక్కడి సరుకో ఆత్మకూరు దాకా వచ్చి పడుతుందన్న సంగతి మాకు అప్పుడప్పుడే తెలుస్తున్న కాలం. (ఉదయగిరి దాకా వచ్చేది కాదు, అక్కడికి మనమే మోసుకుపోవాలి.) ఇప్పటి పిల్లలకు ఇదేమీ వింత కాదు గానీ, నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. మనకు ఏ కష్టం ఉందో బయటికి చెప్పుకోకముందే, దానికొక పరికరం కనిపెట్టి, డబ్బాలో సర్ది, పైన హాయిగా నిద్రపోతున్న ఒక దొర బొమ్మ అచ్చేసి పంపే మహానుభావులు ఎక్కడో ఉన్నారు! నా కష్టం గురక. నాకు గురక ఉందని నాకే తెలియకపోవడం అంతకన్నా పెద్ద కష్టం.

అప్పట్లో నేను ఆత్మకూరులో మోటారు వైండింగు షాపులో పనిచేసేవాణ్ణి. బోరు మోటార్లు కాలిపోతే విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం మా పని. షాపు వెనక గదిలో నేనూ, నాతోపాటు పనిచేసే సన్నోడూ పడుకునేవాళ్ళం. (వాడి అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో.) మోటారు శబ్దం విని దాని జబ్బు చెప్పడంలో నాకు కాస్త పేరుండేది, ఆ పేరును మించిన గర్వం కూడా ఉండేది. ఒక ఉదయం సన్నోడు ఫోను నా చెవి దగ్గర పెట్టి, "అన్నా, ఈ మోటారుకు ఏం జబ్బో చెప్పు" అన్నాడు. కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాను. ముందు పెద్ద గరగర, తర్వాత సన్నగా ఈల, ఆపైన కాసేపు ఏమీ లేదు, ఉన్నట్టుండి ఢామ్మని మళ్ళీ మొదలు. "బేరింగులు రెండూ పొయినాయిరా. లోపల ఇసక కూడా చేరుండాది. ఇట్టనే నడిపితే రేపో ఎల్లుండో కాలిపోతాది. ఎవురిదిరా ఇది, చేజర్ల వాళ్ళదా?" అన్నాను. "నీదేన్నా. రాత్రి నువ్వు పడుకున్నాక తీసినా" అన్నాడు వాడు.

నమ్మలేదు. రెండోసారి వేయించుకుని విన్నాను. మూడోసారి మా మేస్త్రి కూడా విన్నాడు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసి, "ఒరే అబ్బయ్యా, ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉండా, ఇంత లోడు మీద నడిచే మోటారును నేను చూళ్ళేదు" అన్నాడు. సిగ్గుపడాల్సిన చోట, నిజం చెప్పొద్దూ, నాకు ముందుగా కలిగింది ఆశ్చర్యమే. గాలివేస్తే పడిపోయేట్టుండే నాలోంచి అంత చప్పుడా! అది ఎక్కడ దాక్కుని ఉంటుంది, పగలంతా ఏం చేస్తుంటుంది అని రెండు రోజులు అదే ఆలోచన.

సిగ్గు తర్వాత వచ్చింది, భయాన్ని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. ఆ నెలలోనే నాకు పెళ్ళి ఖాయమైంది. పిల్లది సీతారామపురం అవతల, కొండ కింద చిన్న ఊరు. పెళ్ళిచూపుల్లో అందరు ఆడపిల్లల్లా తల వంచుకుని కూర్చోలేదు. తలెత్తి సూటిగా నన్నే చూసి, "మోటారు కాలితే వాసన ముందొస్తాదా, పొగ ముందొస్తాదా?" అని అడిగింది. వాళ్ళ చేను మీద మోటారు రెండుసార్లు కాలిందట. వాసనే ముందొస్తుందని చెప్పాను గానీ, ఆ ప్రశ్నకు నేను అక్కడికక్కడే పడిపోయాను. ఇంటికొచ్చాక మా అమ్మ నన్ను పక్కకు పిలిచి మెల్లగా అంది: "ఒరే, నీకు మీ పెదనాయన గురక వచ్చినట్టుండాది. ఆయన గురకకు మీ పెద్దమ్మ పెళ్ళయిన నాలుగో రోజే చాప చంకన పెట్టుకుని పక్కింటి వసారాలోకి పొయింది. బిడ్డలు పుట్టినారు, వాళ్ళ పెళ్ళిళ్ళూ అయినాయి, ఆ చాప మాత్రం తిరిగి ఇంట్లోకి రాలా." (బిడ్డలు ఎట్లా పుట్టారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.) అంత సూటిగా చూసే పిల్ల, అంత సూటిగానే చాప తీసుకుని వెళ్ళిపోతే నా గతేం కాను?

అందులోనూ మూడు నిద్రలున్నాయి. పెళ్ళి చర్చిలో జరిగినా, ప్రమాణాలు పాస్టరు అయ్యగారి ముందు చేసినా, పెళ్ళయ్యాక కొత్త అల్లుడు అత్తవారింట మూడు రాత్రులు నిద్ర చేయాల్సిందే. ఆ మర్యాద మావైపు ఎవరూ వదులుకోరు. అత్తవారిది రెండు గదుల ఇల్లు. గోడ అవతల అత్త, మామ, పిల్ల వాళ్ళ అవ్వ, పెళ్ళికొచ్చి ఇంకా కదలని చుట్టాలు. నా మోటారు స్టార్టయితే పిల్లే కాదు, ఊరు ఊరంతా లేచి కూర్చుంటుంది.

కాబట్టి ఫోను నొక్కాను. మొదట వచ్చింది ముక్కుకు తగిలించుకునే అయస్కాంతం క్లిప్పు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ముక్కుతాడు వేసిన కోడెలాగా ఉన్నాను, గురక మాత్రం అట్లాగే ఉంది. రెండోది చేతికి కట్టుకునే పట్టీ. గురక వినగానే సన్నగా కరెంటు కొట్టి మనిషిని పక్కకు తిప్పుతుందట. అది సన్నోడు దగ్గినా కొట్టింది, వీధిలో కుక్క మొరిగినా కొట్టింది, తెల్లారి మేస్త్రి "లేయండ్రా" అన్నా కొట్టింది. పొద్దున్నే దాన్ని విప్పి చూశాను. గోరంత జాగాలో ఎంత పనితనమో! నేను చెయ్యెత్తి మొక్కి, మళ్ళీ మూత బిగించి, దాని జోలికి పోలేదు. మూడోది తెల్లటి దవడ పట్టీ. గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి బిగించి కట్టుకోవాలి, నోరు తెరుచుకోకుండా. దానితోపాటు ముక్కు రంధ్రాల్లో పెట్టుకునే రెండు తెల్లటి మెత్తటి గొట్టాలు కూడా ఇచ్చారు. అవి కట్టుకుని పడుకున్న రాత్రి సన్నోడు తీర్పు చెప్పాడు: "పది హెచ్.పి. నుంచి ఐదుకి దిగినావన్నా." సగం తగ్గింది! ఆ పట్టీని బ్యాగులో బట్టల అడుగున దాచుకుని, అత్తవారింటికి బస్సెక్కాను.

దాచుకోవడం వరకు బాగానే ఉంది. కొత్త పెళ్ళాం ఎదురుగా ఆ వేషం ఎట్లా కట్టాలో మాత్రం ముందు ఆలోచించలేదు. మొదటి రాత్రి "ఉక్కగా ఉండాది, కాసేపు బయట కూర్చుంటా" అని వాకిట్లో మంచం మీద కూర్చుని తెల్లార్లూ కునికాను. రెండో రాత్రి "కడుపులో బాగాలేదు" అని మళ్ళీ అదే మంచం. ఆ పిల్ల రెండుసార్లూ "సరే" అంది, అంతే. తలుపు దగ్గరగా వేసుకుంది. ఎంత అర్థం చేసుకునే పిల్ల దొరికిందిరా దేవుడా అని నేను మురిసిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం అత్తగారు వేటమాంసం కూరా, రాగి సంగటీ పెట్టింది. రెండు రాత్రులు సరిగా కన్ను మూయనివాడు అది తిని ఎంతసేపని నిలుస్తాడు? మామ చేనికి పోయాడు, పిల్ల కుళాయి దగ్గరికి నీళ్ళకు పోయింది. ఇదే సందు అని గదిలో చాప వేసుకుని, దవడ పట్టీ బిగించి, ముక్కులో గొట్టాలు పెట్టుకుని, ఎవరైనా వస్తే కనిపించకూడదని తెల్ల దుప్పటి నెత్తి మీది దాకా కప్పుకున్నాను. ఇక ఇక్కడి నుంచి చెప్పేదంతా తర్వాత పదిమంది పదిరకాలుగా చెబితే నేను కూర్చుకున్నది, ఎందుకంటే నేను లోకంలో లేను.

నా మోటారు మధ్యలో కాసేపు ఆగే దగ్గర ఆగి ఉన్నప్పుడు, కాఫీకి లేపుదామని వాళ్ళ అవ్వ వచ్చి దుప్పటి తీసింది. వెల్లకిలా పడుకున్న మనిషి, దవడకు తెల్లగుడ్డ కట్టు, ముక్కులో తెల్లగా దూది లాంటివి. మావైపు మనిషి పోగానే నోరు తెరుచుకోకుండా దవడ కట్టి, ముక్కులో దూది పెడతారు. ఆ తల్లి తన జీవితంలో అట్లాంటి కట్టు చాలామందికి చూసింది. "నా బిడ్డ గొంతు కోసినావే ప్రభువా! మూడో నిద్దరన్నా కాలేదే!" అని గుండెలు బాదుకుంది. అత్తగారు పరుగెత్తుకొచ్చి ఒక్క చూపు చూసి కూలబడింది. పక్కింటివాళ్ళు వచ్చారు. పట్టీ దాటి వచ్చే సగం గురక ఆ ఏడుపుల్లో మునిగిపోయింది, నన్ను ముట్టుకుని చూద్దామని ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి కారణం కూడా ఉంది: దవడ కట్టి ఉందంటే ఎవరో పెద్దవాళ్ళు చూసి, అయిపోయిందని తేల్చుకునే కట్టి ఉంటారు కదా! వచ్చిన ప్రతివాళ్ళూ అంతకుముందు వచ్చినవాళ్ళు చూశారనుకున్నారు.

చర్చి గంట ఆగి ఆగి కొట్టడం మొదలైంది. ఆ మోతకు అర్థం ఆ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. అబ్బ, ఆ ఊరు వచ్చిన తీరు ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది! చేనిలో పనిచేసేవాళ్ళు కొంగులు దులుపుకుంటూ వచ్చారట, చెరువులో వలలు వదిలేసి తడి బట్టలతో వచ్చారట, పిండి కలుపుతున్న ఒకామె పిండి చేతులతోనే వచ్చిందట. నన్ను పెళ్ళిలో తప్ప చూడనివాళ్ళు, నా పేరు కూడా సరిగా తెలియనివాళ్ళు, గదినిండా కూర్చుని సొంత బిడ్డ పోయినట్టు ఏడ్చారు. ఎవరో ఉదయగిరికి ఫోను చేసి ఐసు పెట్టె పంపమన్నారు. ఒక పెద్దాయన "వాళ్ళ ఊరికి తీసకపోతారా, ఈడనేనా? గుంట తవ్వాలంటే పొద్దుండగానే చెప్పాల" అని విచారించాడట. అయ్యగారు వచ్చి నా తల దగ్గర నిలబడి పాట ఎత్తుకున్నారు. నేను కలలో ఏదో చర్చిలో కూర్చుని ఉన్నాను, పాట చాలా బాగుందని కూడా అనుకున్నాను.

అప్పుడు వచ్చింది నా పెళ్ళాం. బిందె ఎక్కడ పడేసిందో తెలియదు. జనాన్ని తోసుకుని వచ్చి, ఏడవకుండా నా మొహంలోకి వంగి చూసింది. "ఇదేంది? ఎవురు కట్టినారు ఇది?" అంది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ కట్టలేదు! ఆమె గడ్డం కింద వేళ్ళు పెట్టి పట్టీ ఒక్క లాగు లాగింది, ముక్కులో గొట్టాలు పీకేసింది. నా నోరు తెరుచుకుంది. రెండు రోజులుగా దాచిపెట్టినదంతా ఒక్కసారిగా, గరగరా, ఈల వేసుకుంటూ బయటికొచ్చింది. పాట ఆగిపోయింది. ఒక ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "ప్రభువా, లేపినావా!" అన్నాడట. అయ్యగారు మాత్రం తొందరపడలేదు. వంగి చెవి పెట్టి విని, "గురక" అన్నారు. అవ్వ నా దవడలు రెండు చేతులతో పట్టుకుని, "పెట్టు నాయనా, పెట్టు! ఎంత పెట్టుకుంటావో పెట్టుకో!" అని ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వుకే నేను లేచాను. కళ్ళు తెరిస్తే చుట్టూ ఊరు.

ఊరంతా కాఫీ తాగి పోయింది. ఐసు పెట్టె తెచ్చిన డ్రైవరు కూడా సంగటి తిని, నన్నొకసారి తేరిపార చూసి పోయాడు. అందరి పరిహాసాలకూ పళ్ళికిలించాను గానీ, నా కళ్ళు మాత్రం ఆ పిల్ల కోసం వెతుకుతున్నాయి. పెరట్లో దడి దగ్గర నిలబడి ఉంది. చేతిలో నా దవడ పట్టీ. నేను తలవంచుకుని అంతా చెప్పాను, ఫోనులో గురక రికార్డు దగ్గర నుంచి పెదనాయన దాకా. ఇక నీ ఇష్టం అన్నాను. ఆమె ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "గురకకా? దీనికా మీరు రెండు రాత్రులు బయట కూర్చున్నది?" అంది. "నేను నచ్చలేదేమో అనుకున్నా. పెళ్ళిచూపుల్లో మోటారు సంగతి అడిగినానే, నోరెక్కువ పిల్ల అనుకున్నారేమో, పెద్దోళ్ళ మాటకు చేసుకున్నారేమో అని. రెండు రాత్రులు ఒక్కదాన్నే ఏడ్చినా. మా అమ్మకు తెలిస్తే బాధపడతాదని దిండు నోట్లో కుక్కుకోని ఏడ్చినా." అలా అంటూనే మళ్ళీ ఏడ్చింది, ఏడుస్తూనే ఆ పట్టీతో కళ్ళు తుడుచుకుంది. నేను ఆ పట్టీ ఆమె చేతిలోంచి తీసుకుని దడి మీద పడేశాను.

ఈమధ్య షాపుకొచ్చే కుర్రాళ్ళు ఫోన్లో ఇట్లాంటి బొమ్మలు చూపించి, "ఇవి పనిచేస్తాయా అన్నా, మంచి నిద్ర పడతాదా?" అని అడుగుతుంటారు. కొందరికి కాస్త చప్పుడు తగ్గుతుందిరా అంటాను. నా మట్టుకు నాకు, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని కనిపెట్టి నెల్లూరు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది మా ఆవిడే. ఆయన నా ముక్కు దూలం సరిచేయించి, పక్కకు తిరిగి పడుకోమని చెప్పి, "పట్టీ నోరు మూస్తుంది గానీ గొంతు తెరవదు, ఊపిరి ఆగేవాళ్ళు ముందు పరీక్ష చేయించుకోవాలి" అన్నాడు. ఇప్పుడు బాగానే నిద్రపోతాను. అయినా ఎప్పుడన్నా మెలకువ వస్తే, వాకిట్లో మంచం మీద కూర్చుని కునుకుతున్న ఆ కుర్రాడు కళ్ళముందుకొస్తాడు. ఏ శబ్దం విన్నా జబ్బు చెప్పగలనని అంత గర్వపడ్డవాడు! తన చప్పుడు బయటికి పొక్కకూడదని రెండు రాత్రులు కాపలా కాశాడు గానీ, దగ్గరగా వేసిన తలుపు అవతల ఒక పిల్ల ఏడుస్తుంటే వాడికి వినబడలేదు. వెర్రివాడు, ఇంకా అక్కడే కూర్చుని ఉన్నట్టు అనిపిస్తుంది నాకు. లోపలికి పోరా అని నవ్వుతూ చెప్పాలనిపిస్తుంది.