కరెంటు పోతే పడుకునే కుక్కలు

మా కోడలు ప్రసన్నకుమారి మా ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచి దాని మీద నాకు ఒకటే కోపం. నోట్లో మాట ఉండదు. నేను నాలుగు మాటలంటే తిరిగి ఒకటైనా అనాలి కదా, లేకపోతే అత్తగా నాకు మాత్రం ఏం సంబరం? దానిది నారాయణవనం. మాది నగరి, మా కొడుకు మురుగేషుకు చేసుకున్నాం. మా ఇల్లు ముందు సగం మేము ఉండేది, వెనక సగం పవర్‌లూమ్ మగ్గాలు. లుంగీలు నేస్తాం. ఆ మగ్గాలు మొదలైతే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అంత నోరున్న నేనే ఆ షెడ్డులో చేతులతో మాట్లాడటం నేర్చుకున్నాను. ఇక నోరే లేనిదానికి ఆ ఇల్లు బాగా కుదిరింది.

ఇప్పుడు దాని దగ్గరికి తిరుపతి నుంచి, తిరుత్తణి నుంచి జనం కుక్కల్ని పట్టుకుని వస్తున్నారు. వచ్చినవాళ్లు బయటికిపోయి తలా ఒక కథ చెబుతున్నారట. కళ్లారా చూసినదాన్ని నేనుండగా వాళ్లెవరు చెప్పడానికి?

మూడు కుక్కలు దానివి. మూడూ వీధి కుక్కలే. మొదటిది నూలుకు రంగులేసే షెడ్డు వెనక కాలవలో దొరికింది. మగ్గంలో పడుగు మధ్య తిరిగే నాడెలా ఒక్కచోట నిలవకుండా అటూ ఇటూ పరుగెత్తుతుందని నాడె అని పేరు పెట్టింది. రెండోది గుండ్రంగా నూలు చుట్టిన కండెలా ఉంటుంది కాబట్టి కండె. మూడోది ఒంటిమీద బంగారు రంగు బొచ్చుతో చక్కగా ఉంటుంది, దాని పేరు జరీ. కానీ ఎవడో హోటలువాడు వేడినీళ్లు పోసినందువల్ల దాని వీపున అరచేయంత మేర బొచ్చు లేదు. ఎవరైనా తల దువ్వుకోవడానికి చెయ్యెత్తినా అది మంచం కిందికి పోయేది.

ఒకరోజు టీవీలో ఏదో దేశంలో కుక్కలు కర్రల మీదుగా దూకడం, గొట్టంలో దూరి అవతలికి రావడం, వరసగా పాతిన గుంజల మధ్య పాములా వంకరలు తిరుగుతూ పోవడం చూసింది ప్రసన్న. మర్నాటికల్లా మా పెరట్లో పాత చేతిమగ్గం కర్రలు బయటికి వచ్చాయి. గోనెసంచులు కుట్టి గొట్టం చేసింది. మగ్గాలు నడుస్తున్నప్పుడు, కండెలు మార్చే పనికి మధ్యలో సందు దొరికినప్పుడల్లా పెరట్లోకి పోయేది. ఆ సద్దులో పిలిస్తే వినపడదు కాబట్టి అంతా చేతి సైగే. చెయ్యి ఇలా తిప్పితే దూకడం, అలా తిప్పితే దూరడం. చెప్పినట్టు చేస్తే అరచెయ్యి తెరిచి, ఒడిలోంచి ఎండు నెత్తళ్లు తీసి పెట్టేది. చెయ్యకపోతే ఏమీ లేదు. తిట్టు లేదు, దెబ్బ లేదు, చేప కూడా లేదు. చిన్నప్పుడు దానికి వాళ్లవ్వ కండె చుట్టడం అలాగే నేర్పిందట, కండె బాగా వస్తే గుప్పెడు పుట్నాలు పెట్టి. నేను నా పిల్లలకు బెత్తంతో నేర్పాను. వాళ్లూ బాగానే నేస్తారు, అది వేరే సంగతి.

దాని తమ్ముడు గోవిందు లుంగీల మూటలు తిరుపతికి తోలే టెంపో డ్రైవరు. అక్కడ ఒక బడి మైదానంలో కుక్కల ఆటల పోటీ పెడుతున్నారనీ, మూడు కుక్కలు ఒకదాని వెనక ఒకటి పోయే పందెం కూడా ఉందనీ వాడే వచ్చి చెప్పాడు. సరిగ్గా అప్పుడే పుత్తూరు పక్క మామిడితోట ఉన్న గిరిప్రసాద్ మా పెరటి గోడ మీదుగా ఈ దూకుళ్లన్నీ చూశాడు.

"అవ్వా, ఈ మూడిట్నీ నాకిచ్చెయ్. తోటలో తలా ఒక మూల గొలుసేసి కట్టేస్తే కోతొక్కటి దగ్గిరికి రాదు. ఏటా నీ ఊరగాయకి తోతాపురి గంపలు గంపలు పంపిస్తా" అన్నాడు.

అడిగిన పద్ధతి బాగుంది. ఇంట్లో చూస్తే నూలు నిండా కుక్కబొచ్చు, లుంగీలకు ఎండుచేప వాసన. కోడలిని పిలిచి అతని ఎదుటే తేల్చేశాను.

"సూడు ప్రసన్నా. తిరపతికి తీసకపో. ప్రైజు తెస్తే ఈడుంటాయి. ఒట్టిచేతుల్తో వస్తే తోటకి పోతాయి."

అది తలూపింది. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు. నేను చూశాను గానీ మాట మార్చలేదు. ఇల్లు నడిపేవాళ్లు పూటకొక మాట చెబితే ఇల్లు ఉండదు.

ఇది రెండువేల మూడు నాటి సంగతి. అందరం గోవిందు టెంపోలో మూటల మధ్య కూర్చుని పోయాం. మైదానం నిండా దూడలంత కుక్కలు, వాటికి తోలు పట్టీలు. వాటిని తెచ్చినవాళ్లు ఇంగ్లీషులో ఒకటే అరుపులు. మావాటి మెడల్లో లుంగీ అంచుతో కుట్టిన పట్టీలు. మావాళ్ల వంతు వచ్చింది. మైకులో ఒకాయన అందరినీ సద్దు చెయ్యకుండా ఉండమన్నాడు. మైదానమంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

నాడె మొదటి కర్ర దూకింది. ఆగింది. చుట్టూ చూసింది. తన చుట్టూ తాను ఒకసారి తిరిగి, మైదానం మధ్యలో ముడుచుకుని పడుకుంది. దాన్ని చూసి కండె వెల్లకిలా పడి కాళ్లు పైకెత్తింది. జరీ ప్రసన్న పాదాల మీద తల పెట్టి కళ్లు మూసింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు. కోటు వేసుకున్న మీసాలాయన ఒకడు ఒక దెబ్బ వెయ్యమ్మా అని సలహా ఇచ్చాడు. నాకూ అదే అనిపించి, ఒకటెయ్ మే అని గట్టిగానే అన్నాను. అది వెయ్యలేదు. అంతమంది ఎదుట ఆ కుక్కల పక్కన నేల మీద కూర్చుని వాటి చెవులు నిమిరింది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరుగు దారిలో వడమాలపేట నుంచి పుత్తూరు దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆ తర్వాత నాకే ఆయాసం వచ్చి మానుకున్నాను. ప్రసన్న జరీని ఒడిలో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. కళ్లలో నీళ్లు లేవు. తోటకు పోయాక ఆ గొలుసులకు జరీ ఎలా బతుకుతుందా అని ఆలోచిస్తోందని నాకు తెలుసు.

మా వీధికి వచ్చేసరికి ఇంటింటా మగ్గాలు ఆడుతున్నాయి. టెంపో తలుపు తీయగానే నాడె కిందికి దూకి నేరుగా పెరట్లోకి పరుగెత్తింది. ఎవరూ సైగ చెయ్యకుండానే కర్రలన్నీ దూకి, గొట్టంలో దూరి, గుంజల మధ్య తిరిగి వచ్చి తోక ఊపింది. కండె దాని వెనకే. మురుగేషుకు ఒళ్లు మండింది.

"అమ్మా, మనల్ని ఎగతాళి సేస్తాండాయి ఇవి" అన్నాడు.

అప్పుడే కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మగవాళ్లు భుజాన తువ్వాళ్లు వేసుకుని బయటికి వచ్చి తిన్నెల మీద వాలారు. కరెంటు లేకపోతే మాకు పనేముంది, వచ్చేదాకా అందరం ఒక కునుకు తీస్తాం. పెరట్లో మూడు కుక్కలూ ఉన్నచోటే ముడుచుకుని పడుకున్నాయి.

ప్రసన్న కుక్కల్ని చూసింది. తిన్నెల మీది మనుషుల్ని చూసింది. గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. దీనికి మతి పోయిందనుకున్నాను.

"అత్తా, వాటి తప్పేం లేదు. నేను నేర్పించిందంతా మగ్గాల సద్దులోనే. ఆడ సద్దు లేకపొయ్యేతలికి కరెంటు పొయ్యిందనుకున్నాయి."

నేను ఏమీ అనేలోపే ఇంకో మాట కూడా అంది. "ఇంకొక్క ఏడు ఇయ్యి. గిరిప్రసాదన్నకి నువ్వే సెప్పల్ల. నా తప్పుకి వాటిని గొలుసులకి పంపిస్తానంటే నేనూ వాటెంటనే పోతా."

ఎదురు చెప్పడం అదే మొదలు. "ఈ నోరు ఇన్నాళ్లు యాడ పెట్టినావు మే" అన్నాను. పైకి కోపంగానే అన్నాను గానీ, నాకు సగం కోపం ఆ మాటతోనే పోయింది. గిరిప్రసాదుకు కబురు పంపాను, వచ్చే ఏడు దాకా కోతుల్ని నువ్వే తోలుకో అని.

ఆ ఏడు ఎండాకాలంలో కరెంటు కోతలకు కొదవ లేదు. మాకు నష్టమే గానీ ప్రసన్నకు అదే బడి అయింది. మగ్గాలు ఆగగానే నెత్తళ్లు తీసుకుని పెరట్లో కూర్చునేది. కుక్కలు లేచేవి కావు. లేపడానికి పట్టీ పట్టి లాగేది కాదు, పిలిచేది కూడా కాదు. ఒకటి చెవి కదిలిస్తే చేప. తల ఎత్తితే ఇంకో చేప. లేచి నిలబడితే నాలుగైదు. చెవి కదిలించినందుకు చేప పెట్టే మనిషిని నేను పుట్టిన తర్వాత చూడలేదు. తిన్నెల మీదివాళ్లకు నిద్ర పోయి ఇదే వేడుక అయింది. అందరూ మా గోడ మీదే ఉండేవారు. కరెంటు ఆఫీసుకు చెప్పి ఇంకొంచెం సేపు తీసేయమందామా అని పక్కింటి మునిరత్నమ్మ అడిగేది. జనం కళ్ల ముందు పని చెయ్యడం వాటికి ఆ గోడ వల్లే అలవాటైంది.

నాడె తొందరగా పట్టుకుంది, దాన్ని చూసి కండె కూడా. జరీ మాత్రం లేవలేదు. చూసి చూసి ఒకరోజు నేనే పోయి పట్టీ పట్టుకుని లాగాను. అది నేలకు అంటుకుపోయి వణికింది. ప్రసన్న లోపలినుంచి పీట తెచ్చి వేసి, నన్ను కూర్చోబెట్టి, నా చేతిలో నెత్తళ్లు పోసింది.

"నువ్వే ఇయ్యత్తా. పూర్తిగా లేసినాంక ఇద్దామనుకుంటే అది లెయ్యనే లెయ్యదు. తలెత్తినప్పుడే ఇయ్యల్ల. అంతదాకా దాన్ని సూడబాక, పక్కకి సూడు."

నేను పక్కకు చూస్తూ కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నది అప్పుడే. జరీ తలెత్తింది. ఇచ్చాను. ఎన్నో కరెంటు కోతలు అలా గడిచాక, అది లేచి నాలుగు కాళ్ల మీద నిలబడి నా చేతిలోంచి తిన్నది. నాడెనూ కండెనూ లేపింది నా కోడలు కావచ్చు. జరీని లేపింది నేను. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

మళ్లీ పోటీ వచ్చింది. గిరిప్రసాద్ కూడా ఏదో పని మీద తిరుపతి వచ్చి, మైదానంలో నా పక్కకు చేరాడు. పోటీ గీత లోపలికి తిండి తీసుకుపోకూడదని ఆ ఏడు చెప్పారు. ప్రసన్న ఒడిలోని నెత్తళ్లన్నీ నా కొంగులో పోసి వట్టి చేతులతో లోపలికి పోయింది. మైకాయన మళ్లీ సద్దు ఆపించాడు. నాడె గాలిలా పోయి వచ్చింది. కండె బరువుగా దూకినా ఒక్క కర్రా పడలేదు. జరీ సగం దాకా బాగానే పోయింది. గుంజల దగ్గరికి వచ్చి ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒకసారి చుట్టూ చూసి, పడుకుంది.

"అవ్వా, జీపు బైటే ఉండాది" అన్నాడు గిరిప్రసాద్.

ప్రసన్న పరుగెత్తలేదు, చప్పట్లు కొట్టలేదు. ఉన్నచోటే గొంతుకూర్చుని, మోకాలి మీద అరచెయ్యి తెరిచి పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది. గీత దగ్గర నిలబడిన పెద్దమనిషి గడియారం చూసుకుంటున్నాడు. జనం నవ్వబోయి ఎందుకో మానుకున్నారు. జరీ చెవి కదిలింది. తర్వాత తల లేచింది. ముందుకాళ్లు లేచాయి. నా కొంగులో చేపలు నా పిడికిట్లో పొడి అయిపోయాయి. అది లేచి, గుంజల మధ్య ఒక్కటీ తప్పకుండా తిరిగి, ఆఖరి కర్ర దూకి వచ్చి ప్రసన్న చేతిలో మూతి పెట్టింది.

పోయిన ఏడు సలహా చెప్పిన మీసాలాయన కుక్క ఆయన అరుపులకు బెదిరి మైదానం దాటి రోడ్డెక్కింది. ఇంకొకరిది కర్రలన్నీ పడగొట్టింది. ఆలస్యమైనా మావి మూడూ పూర్తిచేశాయి కాబట్టి మాకు మూడో ప్రైజు వచ్చింది. చిన్న కప్పు. దాన్ని తీసుకోవడానికి నేనే పోయాను. కోడలి చేతుల నిండా కుక్కలున్నాయి.

గిరిప్రసాద్ ఒప్పుకోలేదు. "మూడోది ప్రైజా అవ్వా. ప్రైజంటే మొదటిదే కదా."

"నేను ప్రైజన్నా. ఎన్నోదని అన్లే. మాట నాది సామీ, దానికి అర్థం సెప్పేదీ నేనే" అన్నాను. ప్రసన్న ముఖం తిప్పుకుని జరీ మెడలో దాచుకుంది. ఏడ్చిందో నవ్విందో నేను అడగలేదు.

మామిడికాయలు రాకముందే గిరిప్రసాద్ మా ఇంటికి వచ్చాడు. గంప తేలేదు. తోటలో కాపలా ఉండే కుక్కను గొలుసుతో జీపు ఎక్కించుకుని తెచ్చాడు. పిలిస్తే రాదట, వదిలితే కరుస్తుందట, దీనికి కూడా ఏమైనా నేర్పిస్తారా అని అడిగాడు. పెరటి తలుపు బిగించి, అతన్ని పీట మీద కూర్చోబెట్టి, గొలుసు విప్పమన్నాను. విప్పాడు. ఆ కుక్క గొలుసు ఉన్నంత మేరకే నిలబడింది. గొలుసు లేదని దానికి తెలియలేదు. ప్రసన్న దూరంగా నేల మీద కూర్చుని అరచెయ్యి తెరిచి పక్కకు చూస్తోంది.

"పిల్సమంటావా" అన్నాడు గిరిప్రసాద్.

"నోరు ముయ్యి సామీ. పక్కకి సూడు" అన్నాను. అతను పక్కకు తిరిగాడు.